గుర్రం ముఖానికి ఈగల మాస్క్: రాత్రింబవళ్ళూ ఉంచేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నా దగ్గర రెండు గుర్రాలున్నాయి. ఒకటి ముదురు ఎరుపు ఆడగుర్రం, రెండోది ముఖం తెల్లగా ఉండే మగగుర్రం. రెండూ పగలూ రాత్రీ పచ్చిక బయల్లోనే ఉంటాయి. ఈగలు కళ్ళ దగ్గర మూగి వాటిని స్థిమితంగా మేయనివ్వడం లేదని వలగుడ్డతో చేసిన మాస్కులు కొని తొడిగాను. తల విదిలించుకోవడం తగ్గింది, హాయిగా ఉన్నాయనుకున్నాను. వారం తర్వాత నిన్న తీసి చూస్తే ఆడగుర్రానికి ఎడమ కంటి కింద వెంట్రుకలు రాలిపోయి చర్మం ఎర్రగా ఉంది. మాస్క్ మానేయాలా? రాత్రిపూట ఉంచొచ్చా? లోపలి నుంచి వాటికి దారి కనిపిస్తుందా? మాస్క్‌తో పాటు హాల్టర్ (పట్టుకుని నడిపించడానికి తలకు తొడిగే పట్టీ) కూడా ఉంచాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ఎర్రబడిన చోటు సంగతి చూద్దాం. చర్మం ఒరుసుకుపోయిందా, కంటికే ఏమైనా అయిందా అన్నది ఇవాళే తేల్చుకోవాలి. గుర్రాన్ని నీడలో నిలబెట్టి, ఎదురుగా కొంచెం దూరం నుంచి రెండు కళ్ళనూ పోల్చి చూడండి. ఎడమ కన్ను సగం మూసినట్టుందా? నీళ్ళు ధారగా కారుతున్నాయా? కంటి మీద పొగమంచులా తెల్లటి మసక ఉందా? పై రెప్ప వెంట్రుకలు ఎటు చూస్తున్నాయో కూడా గమనించండి. బాగున్న కంట్లో అవి దాదాపు అడ్డంగా, బయటికి నిలబడి ఉంటాయి. కన్ను నొప్పిగా ఉంటే రెప్ప జారి, వెంట్రుకలు నేలవైపు వాలిపోతాయి. నీళ్ళు, మసక కనిపించకముందే ఈ గుర్తు దొరుకుతుంది. వీటిలో ఒక్కటి ఉన్నా రేపటిదాకా ఆగకండి, పశువైద్యుడిని ఈరోజే పిలిపించండి. గుర్రానికి కంటి దెబ్బ ఎప్పుడూ అత్యవసరమే. ఉదయం గీతలా ఉన్న గాయం ఒకట్రెండు రోజుల్లో కన్ను పోయేంత పుండు కావచ్చు.

ఇంట్లో పాత కంటి మందు ట్యూబు ఏదైనా ఉంటే దాని జోలికి పోకండి. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. కంటిపొర మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే పుండు మానదు, పొర కరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. డాక్టరు కంట్లో ఒక రంగు మందు వేసి, పొర ఎక్కడ చిట్లిందో చూశాకే ఏ మందు వేయాలో నిర్ణయిస్తారు.

కన్ను శుభ్రంగా తెరుచుకుని, మెరుస్తూ ఉండి, కింది చర్మం మాత్రమే ఎర్రబడితే అది మాస్క్ అంచు ఒరిపిడి. కంగారు అక్కర్లేదు. వెంట్రుకలు మళ్ళీ వస్తాయి. చర్మం మామూలు రంగుకు వచ్చేదాకా మాస్క్ తొడగకండి. అన్నాళ్ళూ పగటిపూట గుర్రాన్ని ఈగలు తక్కువగా ఉండే నీడపట్టున కట్టండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట చెబుతాను. 'వారం తర్వాత నిన్న తీసి చూస్తే' అన్నారు. ఒరిపిడి కన్నా నాకు అదే ఎక్కువ భయం కలిగించింది. మాస్క్ ఈగల నుంచి కన్నును కాపాడుతుంది, నిజమే. కానీ అదే మాస్క్ ఆ కన్నును మన చూపు నుంచి కూడా దాచేస్తుంది. మాస్క్ లేని గుర్రానికి కన్ను కారితే పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది. మాస్క్ ఉంటే ఏమీ కనిపించదు. గడ్డి నలకో, ముల్లున్న గింజో వల లోపలికి జారితే బయటికి వచ్చే దారి ఉండదు. గుర్రం తల ఆడించినప్పుడల్లా అది కంటి మీద రుద్దుకుంటూనే ఉంటుంది. ఒక్కోసారి ఈగే లోపల చిక్కుకుంటుంది. అప్పుడు గుర్రం పడే యాతన మాస్క్ లేనప్పటి కంటే ఎక్కువ.

ఒకసారి నన్ను పిలిచిన చోట, మాస్క్ వేసిన గుర్రం రెండు రోజులుగా మేత సరిగా తినడం లేదన్నారు. కడుపునొప్పి అనుకుని పిలిచారు. మాస్క్ తీస్తే కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది, రెప్పల మధ్య పచ్చటి పుసి. రెప్ప ఎత్తి చూస్తే లోపల ఎండు గడ్డి నలక ఒకటి అతుక్కుని ఉంది. ఆ మాస్క్ ఐదు రోజులుగా ఎవరూ తీయలేదు. కన్ను దక్కింది, కానీ వారాలపాటు రోజుకు ఎన్నోసార్లు మందు వేయాల్సి వచ్చింది. మచ్చ అలాగే ఉండిపోయింది. ఆ ఇంటివాళ్ళు గుర్రాన్ని ప్రేమగా చూసుకునేవాళ్ళే. మాస్క్ ఉంది కదా, ఇక కళ్ళకు భయం లేదనుకున్నారు, అంతే.

అందుకని మాస్క్ మానేయమని అనను. రోజుకు కనీసం ఒకసారి పూర్తిగా తీయండి. రెండు కళ్ళూ చూడండి, కంటి కొలుకుల్లో చేరిన పుసిని తడి దూదితో తుడవండి, ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకండి. చెంప ఎముక మీద, చెవుల వెనక, దవడ కింద చెయ్యి పెట్టి తడమండి. కంటికి కనిపించని వేడి, వాపు వేళ్ళకు తెలుస్తుంది. మాస్క్‌ను తిరగేసి దులిపి, వలలో చిరుగు ఉందేమో చూసి, అప్పుడు మళ్ళీ తొడగండి. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు ఏ రోజు కుదరదో ఆ రోజు మాస్క్ వేయకపోవడమే మేలు.

అమరిక విషయానికి వస్తే, ముఖ్యంగా చూడాల్సింది కంటికీ వలకూ మధ్య ఖాళీ. గుర్రం కన్ను చాలా పెద్దది, నేల మీద తిరిగే జంతువుల్లో అతి పెద్ద కళ్ళున్నవాటిలో గుర్రం ఒకటి. పైగా అది తల పక్కకు ఉబ్బి ఉంటుంది. అందుకే మంచి మాస్కుకు కళ్ళ దగ్గర కుట్లు వేసి గిన్నెలా బయటికి ఉబికేలా చేస్తారు. తొడిగాక పక్క నుంచి చూడండి. రెప్ప వెంట్రుకలు వలకు తగులుతుంటే ఆ మాస్క్ మీ గుర్రానికి పనికిరాదు. కొత్తలో బిగుతుగా నిలబడే వల కొన్నాళ్ళకు మెత్తబడి కంటి మీదికి వాలిపోతుంది, వానలో తడిస్తే మరీను. అలా వాలినదాన్ని ఇంకా పారేయడం ఎందుకులే అని వాడకండి.

దవడ కింద పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. అంతకన్నా బిగిస్తే నమిలేటప్పుడు దవడ కదిలిన ప్రతిసారీ ఒరుసుకుంటుంది. వదులైతే మాస్క్ పక్కకు తిరిగి కుట్టు సరిగ్గా కంటి మీదికి వస్తుంది, లేదా తల గోక్కునేటప్పుడు వెనక కాలి గిట్ట అందులో చిక్కుతుంది. మీ ఆడగుర్రానికి ఎర్రబడింది కంటి కింద అన్నారు కాబట్టి, మాస్క్ కింది అంచు చెంప ఎముక గట్టు మీదే కూర్చుంటోందని నా అనుమానం. అంచు ఆ గట్టు దాటి కిందికి రావాలి. ఒక సైజు పెద్దది, అంచులకు మెత్తటి బొచ్చుగుడ్డ కుట్టినది చూడండి. నుదుటి మీది జుట్టును మాస్క్ లోపల కళ్ళ మీదికి పడనివ్వకండి. చెవుల మధ్య సందు ఉంటే అందులోంచి పైకి తీసేయండి.

రాత్రి ఉంచొచ్చా అని అడిగారు. వద్దు. కళ్ళ మీద వాలే ఈగలు పగటి జీవులు, చీకటి పడితే వాటి బెడద దాదాపు ఉండదు. గుర్రం చీకట్లో మనకన్నా బాగా చూడగలదు, కానీ వల అడ్డుంటే ఆ కాస్త వెలుతురు కూడా తగ్గిపోతుంది. కంచె తీగ, విరిగిన కొమ్మ కనిపించక గాయపడిన గుర్రాలు ఉంటాయి. పొద్దున్న ఈగలు మొదలయ్యాక వేయండి, సాయంత్రం మేత పెట్టేటప్పుడు తీసేయండి. రోజూ కళ్ళు చూసే పని కూడా దీంతోనే తీరిపోతుంది. వాన పడుతున్నా తీసేయడమే మంచిది.

పగటి వెలుతురులో మాత్రం వాటికి బాగానే కనిపిస్తుంది. బయటి నుంచి చూస్తే గంతలు కట్టినట్టు అనిపిస్తుంది గానీ, వల కంటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి లోపలి నుంచి చూపు సాగుతుంది. నమ్మకం కుదరకపోతే మాస్క్‌ను మీ ముఖం ముందు పట్టుకుని పొలంలోకి చూడండి, మీకే తెలుస్తుంది. గుర్రానికి తల కదపకుండానే దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది. మురికి పట్టిన వల ఆ చూపును మసకబారుస్తుంది. అందుకే ఒక్కో గుర్రానికి రెండేసి మాస్కులు పెట్టుకుని మార్చి మార్చి ఉతకండి. సబ్బు పూర్తిగా పోయేలా జాడించాలి, మిగిలిన సబ్బు చెమటతో కలిసి కంట్లోకి దిగుతుంది. ఒకదాని మాస్క్ రెండోదానికి వేయకండి, కంటి జబ్బు సులువుగా పాకుతుంది. మాస్క్ వేసిన గుర్రం దగ్గరికి వెళ్ళేటప్పుడు దూరం నుంచే పేరు పెట్టి పిలుస్తూ వెళ్ళండి. ఉలిక్కిపడకుండా ఉంటుంది.

హాల్టర్ వద్దు. మేతకు వదిలిన గుర్రం తలకు హాల్టర్ ఉంటే కంచె స్తంభానికో కొమ్మకో తగులుకుంటుంది. అది తెగదు, గుర్రం భయంతో వెనక్కి లాగి మెడ విరుచుకునే ప్రమాదం ఉంది. మాస్క్‌కు వెల్‌క్రో పట్టీ ఉండేది కూడా ఇందుకే, గట్టిగా లాగితే ఊడిపోవాలి. ఊడిపోతోందని దాన్ని తాడుతోనో పిన్నులతోనో బిగించేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. తప్పనిసరిగా హాల్టర్ ఉంచాల్సి వస్తే లాగితే తెగిపోయే రకమే వాడండి. తోటి గుర్రం పళ్ళతో మాస్క్ లాగి పారేయడం కూడా మామూలే. బయల్లో పడిపోయిన మాస్క్‌ను వెతికి తెచ్చే ఓపిక ఉండాలి, లేదంటే దాన్ని నమిలేస్తాయి.

వెల్‌క్రో చప్పుడుకు కొన్ని గుర్రాలు బెదురుతాయి. మీవాటికి అలవాటైపోయింది కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పను. కొత్త గుర్రం వస్తే మాత్రం ముందు మాస్క్‌ను వాసన చూడనివ్వండి, మెడకు రాయండి, పట్టీని దూరంగా తెరిచి మూసి వినిపించండి. మొదటిసారి చిన్న ఆవరణలో వదిలి పావుగంట పక్కనే ఉండండి.

మరో విషయం ఆలోచించండి. ఈగలు మూగడం వల్ల కళ్ళు కారుతున్నాయా, కళ్ళు కారుతున్నాయి కాబట్టి ఈగలు మూగుతున్నాయా? కన్నీరు ముక్కులోకి దిగే సన్నటి గొట్టం పూడుకుపోయినా, కంటి లోపల వాపు ఉన్నా నీళ్ళు చెంప మీదికి కారతాయి. ఆ తడి కోసమే ఈగలు వస్తాయి. రెండు గుర్రాల్లో ఒకదానికే, అదీ ఒక కంటికే ఎక్కువగా మూగుతుంటే మాస్క్‌తో సరిపెట్టకుండా పరీక్ష చేయించండి. ఈగలు హాబ్రొనీమా అనే పురుగు పిల్లలను కూడా మోసుకొచ్చి కంటి కొలుకులో వదులుతాయి. అక్కడ మానని పుండు, అందులో పసుపు రంగు రవ్వలు కనిపిస్తే ఆ అనుమానం రావాలి. దానికి మందు వేరే ఉంది. కంటి లోపలి వాపుకు డాక్టరు కంటిపాప పెద్దదయ్యే మందు వేసినప్పుడు ఎండ కళ్ళకు గుచ్చుకుంటుంది, అప్పుడు ఇదే మాస్క్ చాలా ఉపయోగపడుతుంది.

ఈగలు ఎక్కడ పుడుతున్నాయో కూడా చూడండి. వేడి రోజుల్లో ఇంటి ఈగకు గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా 7 నుంచి 10 రోజులు చాలు. గుర్రాలు నిలబడే చోట లద్దెను వారానికి కనీసం రెండుసార్లు ఎత్తి దూరంగా వేస్తే ఆ చక్రం తెగుతుంది. నీడకు వేసిన పాకలో ఫ్యాన్ పెట్టినా మంచిదే, ఈగలు గాలికి నిలవలేవు. తోకా, జూలూ కత్తిరించకండి, అవి దేవుడిచ్చిన విసనకర్రలు. ఈగల స్ప్రేను ముఖం మీదా మాస్క్ మీదా కొట్టకండి. వాడాల్సి వస్తే గుడ్డ మీద వేసుకుని, కళ్ళకు దూరంగా చెంపలకూ మెడకూ రాయండి.

ఇక మీ తెల్లముఖం గుర్రం. దాని కళ్ళ చుట్టూ చర్మం గులాబీ రంగులో ఉంటే ఈగలు లేని రోజుల్లోనూ ఎండ వేళ మాస్క్ వేయమంటాను. రంగు లేని చర్మానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలను తట్టుకునే శక్తి తక్కువ. అలాంటి గుర్రాల్లో రెప్పల మీద, కంటి లోపలి మూలన ఉండే మూడో రెప్ప మీద క్యాన్సర్ గడ్డలు వచ్చే అవకాశం ఎక్కువ. అతినీలలోహిత కిరణాలను ఆపుతుందని రాసి ఉన్న మాస్క్ తీసుకోండి. ముక్కు దగ్గర కూడా గులాబీ చర్మమే ఉంటే ముక్కుదాకా వచ్చే పొడవు రకం చూడండి. సాయంత్రం మాస్క్ తీసినప్పుడు దానికి మాత్రం కంటి లోపలి మూలను ప్రత్యేకంగా చూడండి. బియ్యపు గింజంత ఎర్రటి బొడిపె కనిపించి రెండు వారాల్లో పోకపోతే ఫోటో తీసి పెట్టుకుని డాక్టరుకు చూపించండి. ఆ దశలో అయితే చిన్న శస్త్రచికిత్సతో తీసేయవచ్చు.