రేటు తగ్గించే ముందు వేసుకోవాల్సిన లెక్క

చి. అమ్ములుకి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు పంపిన మెసేజ్ పొద్దున్నే చూశాను. బెంజి సర్కిల్ దగ్గర కొత్తగా బొమ్మల అద్దె పెట్టినవాళ్ళు నెలకు 449 అంటున్నారని, నువ్వు కూడా 599 నుంచి ఏకంగా 429కి దించేద్దామనుకుంటున్నావని రాశావు. సోమవారం నుంచే అమలట. కాస్త ఆగు. పదిహేను రోజులు ఆగినంత మాత్రాన కొంప మునగదు. ఈలోగా ఈ ఉత్తరం తీరిగ్గా చదువు. పొడుగైంది, విసుక్కోకు.

నెలకింత అని కట్టించుకుని, వస్తువు ఇంటికి పంపి, వెనక్కి తెప్పించుకుని ఇంకోటి పంపడం నువ్వు కనిపెట్టింది కాదు. అమెరికాలో డీవీడీలతో ఇదే వ్యాపారం చేశారు. ఇలాగే రేట్ల మీద కొట్టుకున్నారు. అప్పుడు మేం డల్లాస్‌లో ఉండేవాళ్ళం, సినిమాలు అద్దెకిచ్చే పెద్ద షాపుల కంపెనీ బ్లాక్‌బస్టర్ హెడ్డాఫీసు ఆ ఊళ్ళోనే. అకౌంట్స్ ఉద్యోగం కదా, నాకు సినిమాల కంటే ఆ కంపెనీల లెక్కలే మంచి కాలక్షేపంగా ఉండేవి. మీ అత్తయ్య దానికి ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

నెట్‌ఫ్లిక్స్ అంటే నీకు ఫోన్లో యాప్. 1998లో మొదలైనప్పుడు అది పోస్టులో డీవీడీలు పంపే కంపెనీ. 1999లో నెలచందా పెట్టారు. కొన్నాళ్ళకు పద్ధతి ఇలా కుదురుకుంది: ఒకేసారి మూడు డిస్కులు మన దగ్గర ఉంచుకోవచ్చు, ఎన్నాళ్ళయినా సరే. ఒకటి వెనక్కి పంపితే మన జాబితాలో తర్వాతది వస్తుంది. లేట్ ఫీజు లేదు. షాపుల్లో లేట్ ఫీజులు కట్టి కట్టి విసిగిపోయినవాళ్ళకు ఇది ప్రాణానికి హాయిగా అనిపించింది. నెలకు 19.95 డాలర్లు. 2003లో వాల్‌మార్ట్ కూడా 18.76తో రంగంలోకి దిగింది. 2004 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ ధైర్యం చేసి 21.99కి పెంచింది. ఆగస్టులో బ్లాక్‌బస్టర్ 19.99తో ఆన్‌లైన్ చందా మొదలుపెట్టి, పైగా తన షాపుల్లో నెలకు రెండు సినిమాలు ఉచితంగా తీసుకోవడానికి కూపన్లిచ్చింది.

అసలు గొడవ అక్టోబరులో. అమెజాన్ కూడా ఈ వ్యాపారంలోకి వస్తోందన్న మాట గుప్పుమంది. నెట్‌ఫ్లిక్స్ ఒక్క దెబ్బతో నాలుగు డాలర్లు తగ్గించి 17.99 అంది. మర్నాడే బ్లాక్‌బస్టర్ 17.49 అంది. వాల్‌మార్ట్ 17.36కి దిగింది. బ్లాక్‌బస్టర్‌కీ వాల్‌మార్ట్‌కీ తేడా పదమూడు సెంట్లు! నెట్‌ఫ్లిక్స్ షేరు ఒక్కరోజులో నలభై శాతం దాకా పడిపోయింది. డిసెంబరులో బ్లాక్‌బస్టర్ ఇంకా దిగి 14.99 చేసింది.

ఇంతా చేసి, ఎవరికి భయపడి ఇదంతా మొదలైందో ఆ అమెజాన్ అమెరికాలో డీవీడీల అద్దె పెట్టనేలేదు. బ్రిటన్‌లోనూ జర్మనీలోనూ నడిపి, 2008లో లవ్‌ఫిల్మ్ అనే కంపెనీకి అప్పగించింది. నువ్వు కూడా "హైదరాబాద్ కంపెనీ ఏదో విజయవాడ వస్తుందట మామయ్యా" అని రాశావు. "అట"లకు రేటు మార్చకు. వచ్చాక చూద్దాం.

ఇప్పుడు లెక్క. అప్పట్లో అమెరికాలో మామూలు ఉత్తరానికి స్టాంపు 37 సెంట్లు. పెద్ద కంపెనీలకు ఎంతోకొంత తగ్గుతుందనుకో, మన లెక్కకు 37 అనే వేసుకుందాం. డిస్కు పోవడానికీ రావడానికీ కలిపి 74 సెంట్లు. నెలకు రెండే సినిమాలు చూసే ఇంటికి పోస్టు ఖర్చు డాలరున్నర. పోస్టుమన్ వచ్చే టైముకి గుమ్మంలో నిలబడి, ఆ రాత్రే చూసేసి, పొద్దున్నే వెనక్కి పంపేవాడు నెలకు పన్నెండు తిప్పాడనుకో, వాడికి పోస్టుకే 8.88 పోతుంది. చందా మాత్రం ఇద్దరిదీ ఒకటే. 17.99 రేటు మీద మొదటి ఇంటి నుంచి పదహారున్నర మిగిలితే, రెండోవాడి నుంచి తొమ్మిది మిగులుతుంది. 14.99కి దించితే రెండోవాడి దగ్గర మిగిలేది ఆరు. ఆ ఆరులోంచే డిస్కు కొనాలి, కవర్లు కొనాలి, విప్పి సర్దే మనిషికి జీతమివ్వాలి.

ఇంకో సంగతి చూడు. రేటు తగ్గించినప్పుడు ముందుగా పరిగెత్తుకొచ్చేది ఎవరు? డబ్బుకు తగ్గట్టు పిండుకుందామనుకునేవాళ్ళు. నెలకు రెండు చూసేవాళ్ళు రెండు డాలర్ల కోసం కంపెనీ మారరు, వాళ్ళకు అంత ఓపిక ఉండదు. అంటే రేటు తగ్గిస్తే నీ దగ్గరకు వచ్చేది ఎక్కువ ఖర్చు పెట్టించే జనం.

నీ దగ్గరా ఇంతే. కుర్రాడు ఒకసారి బండి మీద వెళ్ళొస్తే నలభై అవుతుందన్నావు. నెలకు రెండుసార్లు మార్చుకునే తల్లికి ఎనభై, వారానికి రెండుసార్లు మార్చుకునే తల్లికి మూడొందల ఇరవై. 599 మీద మొదటామె దగ్గర 519 మిగులుతుంది, రెండోఆమె దగ్గర 279. 429 చేశావా, రెండోఆమె దగ్గర 109. ఆ నూట తొమ్మిదితో బొమ్మలు కడగాలి, పోయిన పజిల్ ముక్కలకు బదులు చూడాలి, పిల్లలు చక్రాలూడదీసిన కార్లు బాగుచేయించాలి. అలాంటివాళ్ళు ఇరవై మంది చేరితే నీ నగలు మళ్ళీ బ్యాంకుకెళ్తాయి.

అందుకని ముందు ఒక షీటు చెయ్యి. చందాదారు పేరు, పేట, గత మూడు నెలల్లో ఎన్నిసార్లు మార్చుకున్నారు, ఎన్ని బొమ్మలు దెబ్బతిన్నాయి. అంతే, ఇంకేం అక్కర్లేదు. ఎవరి వల్ల బతుకుతున్నావో, ఎవరికి నువ్వు ఎదురు కడుతున్నావో తేలిపోతుంది. అది తేలకుండా రేటు మాటెత్తకు.

ఖర్చు ఎక్కడ తగ్గుతుందో వెతకడం రెండో పని. నెట్‌ఫ్లిక్స్ ఎర్ర కవరు ఒకటి చాన్నాళ్ళు మా డ్రాయరులో ఉండేది. చూడ్డానికి ఏముంది, కాగితం. పై భాగం చింపితే లోపల తిరుగు చిరునామా అచ్చేసి ఉంటుంది. అదే కవరు మడిచి అంటించి, స్టాంపు లేకుండా డబ్బాలో వేసేయడమే. డిస్కుకి ప్లాస్టిక్ పెట్టె ఉండదు, పల్చటి తెల్ల తొడుగు. తొడుగు మీది బార్‌కోడు కవరుకున్న చిన్న కిటికీలోంచి కనబడేది. మొత్తం బరువు ఔన్సు లోపలే, అందుకే మామూలు ఉత్తరం రేటుకి పోయేది. లాభమంతా ఆ కవరులో ఉందని నేను అంటే మీ అత్తయ్య నవ్వేది. దానితోపాటు దేశమంతటా పంపిణీ కేంద్రాలు పెంచుకుంటూ పోయారు. కేంద్రం దగ్గరైతే మర్నాడే డిస్కు చేతికందేది.

నీకు కవరు లేదు, రూట్ ఉంది. ఇప్పుడు ఎవరు ఫోన్ చేస్తే అటు కుర్రాణ్ణి పరిగెత్తిస్తున్నావు. పొద్దున భవానీపురం, మధ్యాహ్నం గుణదల, మళ్ళీ సాయంత్రం భవానీపురం. పేటకో రోజు పెట్టు. మంగళవారం పటమట, బుధవారం సత్యనారాయణపురం, ఇలాగ. ఒక్క ట్రిప్పులో ఎనిమిది ఇళ్ళు తిరిగితే నలభై కాస్తా పది, పదిహేనుకి దిగుతుంది. అప్పుడు నువ్వు రేటు తగ్గించినా తట్టుకుంటావు, తగ్గించకపోయినా మిగులుతుంది.

ఎక్కువ తిప్పేవాళ్ళని ఏం చెయ్యాలన్నది చిక్కు ప్రశ్న. నెట్‌ఫ్లిక్స్ ఏం చేసిందంటే, తక్కువ తీసుకునేవాళ్ళకి కొత్త సినిమాలు ముందు పంపి, ఎక్కువ తిప్పేవాళ్ళని వెనక్కి నెట్టింది. పైకి మాత్రం 'అన్‌లిమిటెడ్' అని రాసుకుంది. 2004లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక చందాదారు కోర్టుకెక్కాడు. ఆ తర్వాత నిబంధనల్లో ఈ పద్ధతి గురించి రాశారు, చివరికి కేసు రాజీ చేసుకున్నారు. నువ్వు మాత్రం ఏదైనా ముందే చెప్పు. నెలకు నాలుగుసార్లు ఉచితం, ఆపైన ట్రిప్పుకి ముప్పై అని వాట్సాప్ గ్రూపులో బాహాటంగా పెట్టు. ఒకరిద్దరు గొణుగుతారు, గొణగనీ. మన విజయవాడ తల్లుల గ్రూపులో "నా వంతు బొమ్మ ఆవిడకిచ్చింది" అన్న మాట పుట్టిందంటే నీ పేరు గంటలో కృష్ణలంక దాకా వెళ్తుంది.

ఇక అవతలివాళ్ళ జేబు సంగతి. బ్లాక్‌బస్టర్ 14.99కి దిగినప్పుడు నెట్‌ఫ్లిక్స్ దిగలేదు, 17.99 దగ్గరే కూర్చుంది. నన్నడిగితే ఆ యుద్ధం మొత్తంలో తెలివైన పని అదే. అక్టోబరులో ఒకేసారి దించింది, ఆ రేటు మీద బతగ్గలనని లెక్క చూసుకుంది, అక్కడ ఆగిపోయింది. బ్లాక్‌బస్టర్ నెత్తిన అప్పటికే వంద కోట్ల డాలర్ల దాకా అప్పు, వేల షాపుల అద్దెలు. పైగా 2005 జనవరి నుంచి షాపుల్లో లేట్ ఫీజు కూడా ఎత్తేసింది. ఒకవైపు ఆదాయం వదులుకుని, ఇంకోవైపు చవగ్గా అమ్మితే ఎన్నాళ్ళు? ఆగస్టుకల్లా రేటు పెంచి 17.99 చేసింది. వాల్‌మార్ట్ అంతకుముందే, మే నెలలో, ఈ వ్యాపారం ఎత్తేసి తన చందాదారుల్ని నెట్‌ఫ్లిక్స్‌కి పంపింది. వాళ్ళకు ఏడాదిపాటు పాత రేటుకే ఇస్తానని నెట్‌ఫ్లిక్స్ ఒప్పుకుంది. కాబట్టి ఆ బెంజి సర్కిల్ వాళ్ళతో మాటామాటా అనుకోకు. ఎదురైతే పలకరించు. రేపు వాళ్ళు మూసేస్తే ఆ జాబితా నీకే ఇచ్చేలా ఉండాలి.

ఒకటి కనుక్కో. ఆ 449 ఎన్నాళ్ళు? నువ్వు పంపిన ఫొటోలో కింద ఓ చుక్క గుర్తు ఉంది, దాని వివరం కత్తిరింపులో పోయింది. మొదటి మూడు నెలలకే అయితే అది రేటు కాదు, పిలుపు. డిపాజిట్ ఎంత తీసుకుంటున్నారో కూడా అడిగించు, మీ పక్కింటి వాళ్ళ చేత.

రేటు కంటే గట్టి దెబ్బ ఒకటుంది, అది కూడా చెప్పాలి. 2006 నవంబరులో బ్లాక్‌బస్టర్ ఒక పథకం పెట్టింది: పోస్టులో వచ్చిన డిస్కుని పక్క వీధిలోని షాపులో తిరిగిచ్చి, అక్కడికక్కడే ఇంకో సినిమా ఉచితంగా పట్టుకెళ్ళొచ్చు. జనం విరగబడ్డారు. 2007 రెండో త్రైమాసికంలో నెట్‌ఫ్లిక్స్ చందాదారులు తగ్గారు, అలా తగ్గడం అదే మొదలు. 14.99తో చెయ్యలేనిది ఇది చేసింది, ఎందుకంటే నెట్‌ఫ్లిక్స్‌కి షాపుల్లేవు. కానీ ఇచ్చిన ప్రతి ఉచిత సినిమా బ్లాక్‌బస్టర్‌కి చేతి చమురే. ఆ ఏడాదే పైమనిషి మారాడు, కొత్తాయన ఉచితాలు బిగించి రేట్లు పెంచాడు, వచ్చిన జనం జారిపోయారు. 2010లో కంపెనీ దివాలా తీసింది.

నీకు మీ ఇంటి ముందు గది ఉంది. శనివారం సాయంత్రం తలుపు తీసి పెట్టు. ఎవరైనా వచ్చి బొమ్మ అక్కడే మార్చుకోవచ్చు, ఎన్నిసార్లయినా. అదనంగా ఏమీ ఇవ్వనక్కర్లేదు, మార్పిడి చాలు. వాళ్ళకు ఎదురుచూపులు తప్పుతాయి, నీకు ట్రిప్పు ఖర్చు తప్పుతుంది. పిల్లలు అక్కడే ఆడి, ఏది కావాలో వాళ్ళే పట్టుకుంటారు. మీ అమ్మ గోల చేస్తుంది, నేను ఫోన్ చేసి చెప్తాలే.

ఇవన్నీ అయ్యాక కూడా జనం పోతుంటే అప్పుడు చిన్న ప్లాను పెట్టు: ఒకే బొమ్మ, నెలకు రెండు మార్పిళ్ళు, 349. డీవీడీలవాళ్ళూ ఒక్క డిస్కు ప్లాను 9.99కి ఇచ్చారు. 599 కట్టేవాళ్ళు కొందరు దాంట్లోకి దిగుతారు, నిజమే. పూర్తిగా పోయేవాళ్ళకంటే దిగేవాళ్ళు నయం. పెద్ద ప్లాను 599 కదపకు. తప్పదనుకుంటే 549, ఒక్కసారే, మళ్ళీ రెండేళ్ళు ముట్టుకోకూడదు.

ఎప్పుడో పెంచాల్సి వస్తుంది కూడా. 2011లో నెట్‌ఫ్లిక్స్ డీవీడీలూ స్ట్రీమింగూ కలిపి 9.99కి ఇస్తున్నదాన్ని విడదీసి, ఒక్కోటి 7.99 చేసింది. రెండూ కావాలంటే 15.98, అరవై శాతం పెంపు. ఒక్క త్రైమాసికంలో అమెరికాలో ఎనిమిది లక్షల చందాలు పోయాయి. అంత పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుని నిలబడింది. డీవీడీల పోస్టు 2023 సెప్టెంబరు దాకా నడిపి మరీ ఆపేసింది. నువ్వు పెంచేటప్పుడు పాతవాళ్ళకి ఆరు నెలలు పాత రేటే ఉంచు, కొత్తవాళ్ళతో మొదలుపెట్టు. ఆ మాట నువ్వే ఫోన్ చేసి చెప్పు, కుర్రాడి చేత చెప్పించకు.

షీటు ఆదివారానికల్లా పంపు. ఎక్సెల్ రాదని సాకు చెప్పకు, లాంగ్ నోటుబుక్కులో గీసి ఫొటో తీసినా చాలు. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. కంటి ఆపరేషన్ తేదీ ఖాయమైతే అత్తయ్యకి మెసేజ్ పెట్టు, టిక్కెట్లు చూసుకోవాలి.

ఇట్లు,
మామయ్య