డాక్టర్ సలహా: మనవల్ని గుమ్మంలో ఆపారు సరే, ఆయాకి జ్వరమొస్తే?

ప్రశ్న: మా అత్తగారికి 84 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. రెండేళ్ల కిందట జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి మంచం, లేదంటే వీల్‌చైర్. పగలు ఒక ఆయా, రాత్రి ఒక ఆయా ఏజెన్సీ నుంచి వస్తారు. గత నాలుగు నెలల్లో రెండుసార్లు దగ్గు, జలుబు పట్టుకున్నాయి. రెండోసారి న్యుమోనియా అని వారం రోజులు హాస్పిటల్లో ఉంచారు. ఆ భయంతో ఇంటికి చుట్టాలెవరినీ రానివ్వడం లేదు. మా ఆడపడుచు మనవలు వచ్చినా గుమ్మంలోనే మాట్లాడించి పంపేస్తున్నాను. స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మాత్రం, ‘స్వీడన్‌లో కరోనా టైంలోనే లాక్‌డౌన్ పెట్టలేదు, మాస్కులు పెట్టుకోలేదు, అయినా ఏమీ కాలేదు. నువ్వు నానమ్మని జైల్లో పెట్టావు’ అని ఫోన్ చేసినప్పుడల్లా పోట్లాడుతున్నాడు. అక్కడ నిజంగా ఏమీ కాలేదా? నేను చేస్తున్నది తప్పా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. మనవల్ని గుమ్మంలో ఆపుతున్నారు. ఇద్దరు ఆయాలు మాత్రం రోజూ నేరుగా మంచం దాకా వెళ్తున్నారు. వాళ్లకు ఒంట్లో బాగోలేని రోజున ఏం చేస్తున్నారో మీరు రాయలేదు. స్వీడన్ దెబ్బతిన్నది సరిగ్గా ఆ చోటే. అందుకే మీ అబ్బాయి మాటను కొట్టిపారేయకుండా కొంచెం వివరంగా రాస్తున్నాను.

స్వీడన్‌లో మొదటి కేసు 2020 జనవరి 31న బయటపడింది. వుహాన్ నుంచి వచ్చిన ఒక మహిళ, యోన్‌షోపింగ్ అనే ఊళ్లో. ఆమె నుంచి ఎవరికీ అంటలేదు. అసలు దెబ్బ ఫిబ్రవరి చివరి వారంలో, మంచు కొండల మీది నుంచి వచ్చింది. అక్కడి బడులకు చలికాలంలో వారం రోజులు ఆటల సెలవులిస్తారు, ఒక్కో ప్రాంతానికి ఒక్కో వారం. స్టాక్‌హోమ్ వంతు ఫిబ్రవరి 24 నుంచి. సరిగ్గా అప్పుడే ఉత్తర ఇటలీలో వైరస్ అంటుకుంటోంది. పిల్లల్ని తీసుకుని ఆల్ప్స్‌లో స్కీయింగ్‌కి వెళ్లిన కుటుంబాలు మార్చి 1 ఆదివారానికి తిరిగొచ్చి, మర్నాడు ఎవరి ఆఫీసుకి వాళ్లు వెళ్లిపోయారు. గోథెన్‌బర్గ్, మాల్మో ఊళ్ల సెలవులు అంతకుముందే అయిపోయాయి. మొదటి వేవ్‌లో స్టాక్‌హోమ్ అంతగా నలిగిపోవడానికి ఈ క్యాలెండర్ కూడా ఒక కారణం. వ్యూహాల గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లు ఈ సెలవుల సంగతి మర్చిపోతారు.

ఇక లాక్‌డౌన్. మీ అబ్బాయి చెప్పినట్టు అక్కడ జనాన్ని ఇళ్లలో ఉంచి బయట పోలీసుల్ని నిలబెట్టలేదు, నిజమే. అలా చేసే వీలు కూడా వాళ్ల చట్టాల్లో తక్కువ. యుద్ధం లేని రోజుల్లో ఎమర్జెన్సీ ప్రకటించే అధికారం ఆ ప్రభుత్వానికి లేదు. ప్రజారోగ్య సంస్థ లాంటి సంస్థల రోజువారీ నిర్ణయాల్లో మంత్రులు వేలు పెట్టకూడదు. అందుకే అప్పటి ప్రధాని స్టెఫాన్ లోవెన్ కంటే, ఆ సంస్థలోని ఆండర్స్ టెగ్నెల్ అనే ఎపిడెమియాలజిస్టే (జబ్బులు జనంలో ఎలా పాకుతాయో చూసే నిపుణుడు) దేశానికి ఎక్కువ కనిపించారు. మధ్యాహ్నం రెండింటికి ప్రెస్‌మీట్, చప్పగా సాగే లెక్కలు. ఆయన ముఖాన్ని పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్లూ ఉన్నారు, చంపుతామని బెదిరించినవాళ్లూ ఉన్నారు. డాక్టర్లు అంత ఫేమస్ కాకూడదని నా అభిప్రాయం.

అలాగని చేతులు కట్టుకుని కూర్చున్నారా అంటే, లేదు. మార్చి 12న 500 మందికి మించిన సభలు నిషేధించారు. మార్చి 29 నుంచి ఆ లెక్క 50కి దిగింది. డెబ్బై దాటినవాళ్లు బయటి మనుషులకు దూరంగా ఉండాలని మార్చి 16నే చెప్పారు. పెద్ద క్లాసులు, యూనివర్సిటీలు ఆన్‌లైన్‌కి మారాయి. పదహారేళ్ల లోపు పిల్లల బడులు మాత్రం తెరిచే ఉన్నాయి. రెస్టారెంట్లలో నిలబడి తాగడం బంద్, కూర్చుంటేనే వడ్డింపు. ఆఫీసు పని ఇంటి నుంచి చేయగలిగినవాళ్లు ఇళ్లలోనే ఉండిపోయారు. చాలావరకు సలహా రూపంలో చెప్పినవే, జనం మాత్రం చాలామంది పాటించారు. పైగా అక్కడ నూటికి నలభైకి పైగా ఇళ్లలో ఉండేది ఒక్క మనిషే. మన ఇళ్ల లెక్కతో పోల్చుకోలేం.

హాస్పిటళ్లలో ఐసీయూ పడకల్ని కొద్ది వారాల్లోనే రెట్టింపు చేశారు. స్టాక్‌హోమ్ శివారులోని ఎగ్జిబిషన్ హాల్లో సైన్యం సాయంతో తాత్కాలిక ఆస్పత్రి కట్టారు. అందులో ఒక్క పేషెంటును కూడా చేర్చాల్సిన అవసరం రాలేదు. విమానాలు ఆగిపోయి పనిలేకుండా ఉన్న ఎయిర్ హోస్టెస్‌లకు కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి, పక్కలు సర్దడం, పరికరాలు శుభ్రం చేయడం లాంటి పనులకు తీసుకున్నారు. ఈ తయారీని ఏ డాక్టరైనా మెచ్చుకుంటాడు.

మరి ‘ఏమీ కాలేదు’ అన్న మాటో? 2020 జూన్ నెలాఖరుకి కోటి మూడు లక్షల జనాభా ఉన్న స్వీడన్‌లో కరోనాతో పోయినవాళ్లు 5,300కి పైనే. పక్కనే, దాదాపు సగం జనాభా ఉన్న నార్వేలో సుమారు 250. డెన్మార్క్‌లో 600 పైచిలుకు, ఫిన్లాండ్‌లో 330 దాకా. ఒకే చలి, ఒకే రకం జీవితం, దగ్గర దగ్గర చుట్టాల్లాంటి దేశాలు. ఇంత తేడాని ‘ఏమీ కాలేదు’ అని ఎలా అంటాం?

ఎవరు పోయారన్నది ఇంకా ముఖ్యం. ఆ ఏడాది చనిపోయినవాళ్లలో నూటికి దాదాపు తొంభై మంది డెబ్బై దాటినవాళ్లు. వాళ్లలో సగం మంది వృద్ధుల కేర్ హోముల్లో ఉండేవాళ్లు. ముప్పై శాతానికి కాస్త తక్కువ మంది సొంత ఇళ్లలోనే ఉంటూ, మున్సిపాలిటీ పంపే సహాయకుల మీద ఆధారపడ్డవాళ్లు. అంటే మీ అత్తగారి లాంటి పెద్దలే. వీళ్లెవరూ పబ్బులకు వెళ్లలేదు, మంచు కొండలెక్కలేదు, బడి పిల్లలతో ఆడుకోలేదు. స్నానం చేయించే చేతులు, అన్నం తినిపించే చేతులు వైరస్‌ను మంచం దగ్గరికి తెచ్చాయి.

ఆ చేతులది తప్పంటే నేను ఒప్పుకోను. వాళ్ల పరిస్థితి చూడండి. చాలామందికి నెల జీతం లేదు, గంటల లెక్కన పిలిస్తే రావాలి. పిలుపు రాని రోజు డబ్బు లేదు. చాలామంది సరైన శిక్షణ లేనివాళ్లు. మొదటి నెలల్లో మాస్కులు, గౌన్లు సరిపోలేదు. లక్షణాలు కనిపించని మనిషి నుంచి కూడా అంటుతుందని అధికారులు ఒప్పుకోవడానికే చాలా రోజులు పట్టింది. టెస్టులు హాస్పిటల్లో చేరినవాళ్లకే చాలడం లేదు, ఇక సహాయకులకు ఎక్కడివి? ఇంటి దగ్గర సేవలందుకునే ఒక పెద్దావిడ గుమ్మంలోకి రెండు వారాల్లో సగటున పదిహేను మంది దాకా వేర్వేరు సహాయకులు వచ్చేవాళ్లు. స్టాక్‌హోమ్ శివార్లలో, ఇరుకు ఫ్లాట్లలో ఉండే సొమాలీ కుటుంబాలు మొదట్లోనే ఎక్కువగా దెబ్బతిన్నాయి. బస్సులు, టాక్సీలు నడిపేది, పెద్దల్ని చూసుకునేది ఎక్కువగా అలాంటి పేటలవాళ్లే. ఇంటి నుంచి పని చేసుకోండి అన్న సలహా వాళ్లకు పనికిరాదు కదా.

కేర్ హోముల్లో డాక్టర్లు కూడా అరుదు. అక్కడ కేర్ హోములు నడిపేది మున్సిపాలిటీలు, డాక్టర్లు ఉండేది ప్రాంతీయ ప్రభుత్వాల కింద. ఆ రెంటి మధ్య పెద్దవాళ్లు నలిగిపోయారు. జబ్బుపడ్డవాళ్లలో అయిదుగురికి ఒకరిని ఏ డాక్టరూ విడిగా పరీక్షించి నిర్ణయం తీసుకోలేదని వైద్యం, వృద్ధుల సేవలు ఎలా ఉన్నాయో చూసే ఆ దేశ తనిఖీ సంస్థే 2020 నవంబర్‌లో తేల్చింది. వృత్తిపరంగా నాకు అన్నింటికంటే కష్టం అనిపించిన విషయం ఇదే. డిసెంబర్‌లో వాళ్ల రాజు, ‘మనం విఫలమయ్యాం అనుకుంటున్నాను’ అన్నారు. ప్రభుత్వమే వేసిన కరోనా కమిషన్ కూడా, పెద్దల్ని కాపాడలేకపోయామని అదే నెలలో రాసింది. 2022లో ఇచ్చిన తుది నివేదికలో, జనాన్ని నిర్బంధించకుండా నచ్చజెప్పే దారి మొత్తం మీద సరైనదే అంది. కానీ 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా కదలాల్సిందని తప్పు పట్టింది. మీ అబ్బాయికి న్యాయం చేయాలంటే ఇంకో మాట కూడా చెప్పాలి. 2020 నుంచి 2022 దాకా మూడేళ్లూ కలిపి, మామూలు కంటే ఎక్కువగా జరిగిన మరణాలు లెక్కేస్తే, చాలా లెక్కల్లో స్వీడన్ ఐరోపాలో తక్కువ నష్టపోయిన దేశాల్లోనే ఉంది. కాబట్టి వాళ్ల దారి మొత్తం తప్పని నేననను. ఆ మొదటి మూడు నెలల్లో పోయిన పెద్దలు మాత్రం ఈ లెక్కతో తిరిగి రారు.

స్వీడన్ చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది, మీరు చేయాల్సింది కూడా అదే. అక్కడ జబ్బు చేసి సెలవు పెడితే మొదటి రోజు జీతంలో కోత ఉంటుంది. 2020 మార్చిలో ఆ కోతను ప్రభుత్వమే భరించింది. జ్వరంగా ఉంటే ఇంట్లో ఉండండి, జీతం పోదు అన్నారు. గంటల లెక్కన పనిచేసేవాళ్లకు, పిలుపే రాని రోజు ఈ భరోసా అందలేదు. కన్నం సరిగ్గా అక్కడే మిగిలిపోయింది.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. పొద్దున్న ఆరింటికి మీ పగటి ఆయాకి గొంతు నొప్పి, ఒళ్లు వెచ్చగా ఉంది అనుకోండి. రాకపోతే ఏజెన్సీ ఆ రోజు డబ్బు కోస్తుంది. రెండు రోజులు రాకపోతే వేరే మనిషిని పంపేస్తుంది. అందుకని ఒక పారాసెటమాల్ వేసుకుని, దగ్గు రాకుండా నోట్లో లవంగం పెట్టుకుని వస్తుంది. మీరు అడిగితే ‘బానే ఉందమ్మా’ అంటుంది. అనకేం చేస్తుంది? జ్వరమొచ్చిన రోజు రావద్దు, నీ కూలి పైసా తగ్గకుండా నేనిస్తాను అని మీరు ముందే చెప్పండి. ఏజెన్సీతో కూడా మాట్లాడి, పేరు పేరునా వీళ్లిద్దరే రావాలని, రోజుకో కొత్త మనిషిని పంపొద్దని గట్టిగా చెప్పండి. ఆయా రాని రోజు పని ఎవరు చేయాలో ఇంట్లో ఇప్పుడే అనుకోండి, మీరు గానీ మీవారు గానీ. నెలకు రెండు రోజుల కూలి ఎక్కువవుతుంది, అంతే. మొన్నటి హాస్పిటల్ బిల్లు పక్కన పెట్టి చూసుకోండి.

జలుబు తగ్గుముఖం పట్టి పనిలోకి వచ్చిన మనిషి మరో నాలుగైదు రోజులు మంచం దగ్గర మాస్కు పెట్టుకోవాలి. వచ్చీ రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గది కిటికీలు పగలంతా తెరిచి ఉంచండి, ఏసీ వేసి తలుపులన్నీ బిగించొద్దు. ఫ్లూ టీకా ఏటా అత్తగారికి వేయించండి, మీకూ, ఇద్దరు ఆయాలకూ మీ ఖర్చుతోనే వేయించండి. న్యుమోనియా టీకా అత్తగారికి ఇదివరకు వేయించారో లేదో మీ డాక్టర్ని అడగండి.

పిల్లల విషయానికొస్తే, స్వీడన్‌లో బడులు తెరిచి ఉంచినా ఆ వసంతంలో కరోనాతో ఒక్క బడి పిల్లాడు కూడా చనిపోలేదు. టీచర్లకు మాత్రం, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పినవాళ్లతో పోలిస్తే వైరస్ సోకే అవకాశం రెట్టింపు అయింది. అయితే దీన్ని పట్టుకుని ధీమా పడొద్దు, ఫ్లూ వేరే రకం, దాన్ని ఇంటికి తెచ్చేది ముఖ్యంగా పిల్లలే. ముక్కు కారుతున్న పిల్లాడిని ఆ వారం ఆపండి. బాగున్న పిల్లల్ని లోపలికి పంపండి, మంచం మీద కూర్చోనివ్వండి. అక్కడ కేర్ హోములకు 2020 ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ నెలాఖరు దాకా ఎవర్నీ రానివ్వలేదు. ఆరు నెలలు కిటికీ అద్దం అవతలి నుంచే కొడుకుల్ని, మనవల్ని చూసుకున్న పెద్దలున్నారు. మనిషి రాక ఆగిపోతే ముసలివాళ్లకు ముందు తిండి తగ్గుతుంది, తర్వాత మాట తగ్గుతుంది. మీ అబ్బాయి జైలు అన్నది ఈ ఒక్క విషయంలో నిజమే.

ఒకటి గమనించండి. ఈ వయసులో న్యుమోనియా వచ్చినా జ్వరం రాకపోవచ్చు, దగ్గూ ఉండకపోవచ్చు. పొద్దున్నుంచీ మత్తుగా ఉండటం, ఒక పూట అన్నం ముట్టకపోవడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, ఊపిరి గబగబా తీయడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంచుకోండి. వేళ్లు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరిచి మళ్లీ చూడండి. రీడింగ్ 94 కంటే తగ్గితే ఫోన్ చేయండి, 90కి దిగితే హాస్పిటల్‌కి బయల్దేరండి. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మొదలుపెట్టొద్దు.

ఇంకో అనుమానం కూడా ఉంది. మంచం మీదున్నవాళ్లకు పదేపదే న్యుమోనియా వస్తుంటే దోషమంతా బయటి వైరస్‌ది కాకపోవచ్చు. అత్తగారికి నీళ్లు తాగేటప్పుడు, మజ్జిగన్నం తినేటప్పుడు పొలమారుతోందా? తిన్నాక గొంతు గురగురమంటోందా? పడుకోబెట్టే తినిపిస్తున్నారా? తిన్నదాంట్లో కొంచెం ఊపిరితిత్తుల్లోకి జారినా న్యుమోనియా వస్తుంది. వీల్‌చైర్‌లో నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలు పెట్టించండి. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టొద్దు. రాత్రి పడుకునే ముందు పళ్లు, నాలుక శుభ్రం చేయించండి, కట్టుడు పళ్లుంటే తీయించండి. ఒక వారం ఇద్దరు ఆయాల్నీ ఇది గమనించి చెప్పమనండి. పొలమారుతోందని చెబితే, డిశ్చార్జ్ కాగితాలు, ఛాతీ ఎక్స్‌రే తీసుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.