ఏడో తరగతి అమ్మాయికి ఏ క్లారినెట్ మౌత్‌పీస్ కొనాలి?

మీ అమ్మాయి రెండేళ్లుగా క్లారినెట్‌తో వచ్చిన మౌత్‌పీసే (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క) వాడుతోంది, బ్యాండ్ టీచర్ మార్చమన్నారు, ఏది కొనమంటారు అని అడిగారు. నాకు వాయించడం రాదండి. డల్లాస్ దగ్గర స్కూల్ బ్యాండ్‌లో వాయించేది మా అబ్బాయి, డబ్బులు కట్టి వినేది నేను. ఒకసారి తప్పుగా కొన్నాను కాబట్టి చెప్తున్నా.

మావాడి మౌత్‌పీస్ యమహా కంపెనీ 4సి మోడల్. సీనియర్ల దగ్గర వాండోరెన్ కంపెనీది బి45 చూశానన్నాడు. టీచర్‌ని అడక్కుండా ఆన్‌లైన్‌లో తెప్పించేశాను, నూరు డాలర్ల పైనే అయింది. దానికి పాత 3 నంబర్ రీడే (ఊదితే అదిరి స్వరం పలికించే పల్చటి రెల్లు బద్ద, నంబర్ పెరిగేకొద్దీ గట్టిది) బిగించి ఊదాడు. సగం స్వరం, సగం గాలి. కుక్కర్ మూత సరిగ్గా పట్టకపోతే పక్కనుంచి ఆవిరి పోతుంది చూడండి, అదే చప్పుడు. పది నిమిషాలకే దవడ నొప్పి అన్నాడు. బద్ధకం అనుకుని తిట్టాను కూడా.

విషయమేంటంటే, రీడ్ కొసకీ మౌత్‌పీస్ కొసకీ మధ్య ఉండే సందుని టిప్ ఓపెనింగ్ అంటారు. 4సిలో అది 1.05 మిల్లీమీటర్లు, బి45లో 1.195. తేడా కంటికి ఆనదు, పెదవికి మాత్రం బాగా తెలుస్తుంది. సందు ఎక్కువుంటే మెత్తటి రీడ్ కావాలి, తక్కువుంటే గట్టిది. టీచర్ 2.5 రీడ్ పెట్టి చూశారు. గాలి చప్పుడు తగ్గింది కానీ, మెల్లగా వాయించమంటే స్వరం మధ్యలో ఆగిపోయేది. అందుకే మౌత్‌పీస్ ఒక్కటే కొనకండి, రెండు మూడు నంబర్ల రీడ్లకి కూడా డబ్బులు పక్కన పెట్టుకోండి.

రెండోసారి షాపుకే వెళ్లాం. బి45తో పాటు వాండోరెన్‌వే ఎం13 లైర్ (సందు 1.02 మిల్లీమీటర్లు), 5ఆర్‌వి లైర్ (1.095) ఇచ్చారు. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను, వాడు ఏది ఊదుతున్నాడో చెప్పకుండా మార్చి మార్చి ఊదాడు. గట్టిగా ఊదితే మూడూ బాగానే ఉన్నాయి, అక్కడ మోసపోకండి. మెల్లగా ఒకే స్వరం సాగదీసినప్పుడు, ఎ అనే స్వరం నుంచి పైనున్న బి స్వరానికి దాటినప్పుడు అసలు రంగు బయటపడింది. అక్కడ కీచుమనకుండా దాటింది 5ఆర్‌వి, 3 నంబర్ రీడ్‌తో. మీ అమ్మాయికి ఇంకోటి కుదరచ్చు, నోరు నోరుకీ తేడా. సొంత క్లారినెట్, ట్యూనర్ (శ్రుతి సరిగ్గా ఉందో లేదో చూపించేది) తీసుకెళ్లండి. వాండోరెన్‌లో 13 సిరీస్ అని ఉన్నవి ఇక్కడ అమెరికా బ్యాండ్ల 440 హెర్ట్జ్ శ్రుతికి చేసినవి, మామూలువి కాస్త ఎక్కువ, 442కి.

లిగేచర్ (రీడ్‌ని మౌత్‌పీస్‌కి బిగించే పట్టీ) మార్చమని షాపులో చెప్తారు. ఇప్పుడే వద్దు. పళ్లు ఆనే చోట అతికించే రబ్బర్ ముక్క మాత్రం మొదటిరోజే వేయించండి. మా బి45 మీద రెండు పళ్ల గాట్లు పడ్డాయని వాపసు తీసుకోలేదు. అది గట్టి రబ్బర్‌తో చేసింది, కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేస్తే టెక్సస్ ఎండకి నల్లటిది కాస్తా ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకి తిరిగింది, గంధకం వాసన కూడా. వేడినీళ్లతో కడిగినా అదే గతి. పాత 4సి ప్లాస్టిక్‌ది కాబట్టి దాన్ని మాత్రం దాచుకున్నాం, మార్చింగ్ బ్యాండ్‌కి ఎండలో అదే తీసుకెళ్తున్నాడు.