ముందు ఎవరు పంపాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

చొక్కాకి గుచ్చుకునే చిన్న లోహపు బ్యాడ్జీలు, అవే పిన్నులు, ఆన్‌లైన్‌లో మార్చుకోబోయి నకిలీది చేతికొచ్చిన అమ్మాయి మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకుగా, రెండోసారి ఆ చిరాకు ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ. మూడో పేజీలో దొరికింది. పార్సిల్ విప్పిన ఆ అమ్మాయి హార్డ్ ఎనామెల్ పిన్ మీద వేలు రాస్తే ‘లోహపు గీతలు గరుకుగా తగిలాయి’ అని రాశావు. తగలవు. హార్డ్ ఎనామెల్‌లో లోహపు గీతల మధ్య నింపిన రంగు గట్టిపడ్డాక, రంగూ లోహమూ ఒకే మట్టానికి వచ్చేదాకా సానపడతారు. వేలు జారిపోతుంది. గీతలు తగిలేది సాఫ్ట్ ఎనామెల్‌లో. అక్కడ రంగు కిందికి దిగి ఉంటుంది, లోహపు అంచులు పైకి నిలబడతాయి.

ఇంత చిన్నదానికి ఇంత కోపమా అంటావేమో. ఆ అమ్మాయి పిన్నుల పిచ్చిది. నిద్ర మానుకుని, ఫొటోలు పెద్దవి చేసుకుని, ఎక్కడ గీత పడింది, ఎక్కడ రంగు ఊడింది అని చూసే మనిషని నువ్వే రాశావు. అలాంటి మనిషికి ఇది తెలియకుండా ఉంటుందా? ఆ పేజీలో ఉన్న వేలు ఆమెది కాదు, నీది.

మొదట్లో పిన్నుల ట్రేడింగ్, అంటే పిన్నుకి పిన్ను మార్చుకోవడం, 1999లో డిస్నీతో పుట్టిందని ఒక పేరా పెట్టావు. ఫ్లోరిడాలోని తమ పార్కుల్లో డిస్నీవాళ్లు మిలీనియం సంబరాలతో పాటు దాన్ని మొదలుపెట్టింది 1999లోనే, నిజమే. కానీ అంతకు వందేళ్ల ముందే, 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో, ఎవరు క్రీడాకారులో ఎవరు న్యాయనిర్ణేతలో తెలియడానికి అట్ట బ్యాడ్జీలు పెట్టుకున్నారు. తర్వాత్తర్వాత అవి లోహపు పిన్నులయ్యాయి, దేశాల మధ్య చేతులు మారాయి. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నాటికి చూడ్డానికి వచ్చిన జనానికి కూడా ఆ పిచ్చి బాగా ఎక్కింది. ఇదంతా ఆ పేరా సరిదిద్దమని చెప్పడం లేదు, తీసెయ్యమంటున్నాను. చరిత్ర చెప్పి కథ మొదలుపెట్టడం ఈమధ్య ఒక జబ్బులా తయారైంది. ఒక్క ముక్క మాత్రం తెలుసుకో. డిస్నీ పార్కుల్లో ఉద్యోగులతో పిన్ మార్చుకోవాలంటే ఒకసారికి ఒకటే, వెనక బిరడా బిగించి, చేతి నుంచి చేతికి ఇవ్వాలి.

చేతి నుంచి చేతికి. నీ కథకి కావలసిందంతా ఈ నియమంలో ఉంది.

ఎదురెదురుగా నిలబడితే ఇవ్వడం, పుచ్చుకోవడం ఒక్క క్షణంలో అయిపోతాయి. ఆన్‌లైన్‌లో ఆ క్షణం లేదు. ఎవరో ఒకరు ముందు వదులుకోవాలి. ఇక్కడి మర్యాదలన్నీ ఆ ఖాళీని పూడ్చడానికి పుట్టినవే. ఫీడ్‌బ్యాక్, అంటే ఇదివరకు ట్రేడ్ చేసినవాళ్లు రాసిన మంచి మాటలు, తక్కువున్నవాళ్లు ముందు పంపాలి. ఇద్దరికీ సమానమైతే ఒకే రోజు పంపి ట్రాకింగ్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవాలి. ఒకరితో మాట ఖాయమయ్యాక అదే పిన్ ఇంకొకరికి చూపించకూడదు. మనసు మారితే మారిందని చెప్పాలి గానీ మాయమైపోకూడదు.

ఇందులో ఉన్న అన్యాయం చూడు. ఎవరి దగ్గర నాలుగు పిన్నులే ఉన్నాయో, ఒకటి పోతే ఎవరికి గుండె కలుక్కుమంటుందో, వాళ్లే ముందు నమ్మాలి. పాతవాళ్ల వైపు నుంచి చూస్తే అదే న్యాయం. ఏళ్ల తరబడి కష్టపడి తెచ్చుకున్న పేరు వాళ్లది, తప్పు చేస్తే అది పోతుంది. కొత్తవాడికి పోయేదేముంది, రేపు ఇంకో పేరుతో వస్తాడు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరి మాటా నిజమైన చోట కాసేపు కూర్చోవాలి కథకుడు. నువ్వేమో ‘ముందు తనే పంపింది’ అని దాటేసి, పేజీన్నర ఆమె ఏడుపు రాశావు.

ఈ విషయంలో నాకో పాత కసి ఉంది, దాచుకోను. నేనూ ఆ పిచ్చిలో ఉన్నవాణ్నే. కొత్తలో ఒకాయనతో ట్రేడ్ కుదిరింది. పద్ధతి ప్రకారం ముందు నేనే పంపాను. అందింది, చాలా బాగుందన్నాడు, తన ట్రాకింగ్ నంబర్ కూడా ఇచ్చాడు. రోజూ చూసేవాణ్ని. రోజూ ఒకటే మాట: లేబుల్ తయారైంది, పార్సిల్ ఇంకా మాకు అందలేదు. అంటే ఇంట్లో కూర్చుని లేబుల్ ప్రింట్ చేసుకున్నాడు, అంతే. నంబర్ ఇచ్చాడు కాబట్టి మోసం అనలేను. పార్సిల్ కదలలేదు కాబట్టి నమ్మనూ లేను. అడిగితే నస పెడుతున్నాడనుకుంటాడు, అడక్కపోతే మర్చిపోతాడు. ఆ టెన్షన్ మీదే ఒక కథ రాశాను. ఒక సంపాదకుడు దాన్ని వేసుకున్నాడు కూడా. వేసుకుంటూ ఆ లేబుల్ సంగతంతా కొట్టేసి ‘అతను పంపలేదు’ అని ఒక్క వాక్యం పెట్టాడు. అడిగితే, సాంకేతిక వివరాలు పాఠకులకి బరువండీ అన్నాడు. పైగా కథకి నేను పెట్టిన పేరు తీసేసి ‘వంచన’ అని పెట్టాడు. పేరులోనే అంతా చెప్పేశాక ఎవరు చదువుతారు?

ఆ సంపాదకుడి లాంటివాళ్లు చాలామంది తగులుతారు నీకు. వివరం తీసేసి మానవ సంబంధాలు పెట్టమంటారు. ‘లేబుల్ తయారైంది’ అన్న ముక్క కన్నా మానవ సంబంధం ఏముంటుందయ్యా అందులో!

నీ కథలో ‘నమ్మకం’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టబోయి విసుగొచ్చి మానేశాను. అన్నీ కొట్టెయ్. ఆ చోటులో ఎవరు ఎవరికి ఏం మెసేజ్ పెట్టారు, ఎంతసేపటికి జవాబొచ్చింది, ఏది టైప్ చేసి పంపకుండా చెరిపేశారు, అది రాయి.

అది నీకు వచ్చు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. ఆ అమ్మాయి పిన్ వెనకవైపు ఫొటో అడగాలనుకుంటుంది చూడు, ఆ చోట. నకిలీల బెడద ఉన్న లోకం అది. రంగులో గుంటలు, గరుకు అంచులు, వెనక సరిగా పడని ముద్ర, ఇవన్నీ చూసుకోవాలంటే రెండువైపులా ఫొటో కావాలి. అడిగితే అనుమానించినట్టు, అడక్కపోతే అమాయకురాలు. ‘వెనకవైపు కూడా ఒకటి పెడతారా’ అని రాసి, చెరిపేసి, ‘పిన్ చాలా బావుందండీ, ఇంకో ఫొటో ఉందా’ అని పంపుతుంది. అతను మళ్లీ ముందువైపే, ఇంకొంచెం దగ్గరగా తీసి పంపుతాడు. ఆమె థాంక్స్ చెబుతుంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే కడుపులో తిప్పినట్టయింది. ఒక్క ఏడుపు మాట లేదు అక్కడ.

మర్యాద తెలిసినవాడు అడక్కముందే వెనకవైపు ఫొటో పెడతాడు. నీ విలన్ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నువ్వు ఆలోచించావా? మోసగాడు కాబట్టి అని నీ కథ అంటుంది. నాకు ఆ జవాబు చాలదు. ఆ పిన్ అతనికి ఇంకెవరో అంటగట్టి ఉండొచ్చు, నకిలీ అని అతనికీ తెలియకపోవచ్చు, లేదా తెలిసి చూడకూడదనుకుని ఉండొచ్చు. ఈ మూడోవాడు చాలా మంచి పాత్ర. వాడు పార్సిల్ కూడా చక్కగా కడతాడు. పిన్‌ని అట్టముక్కకి గుచ్చి, బబుల్ ర్యాప్ చుట్టి, విప్పేవాళ్లకి సులువుగా ఉండాలని టేపు కొస మడిచి పెడతాడు. నీ కథలో పిన్ ఉత్త కవర్లో వచ్చింది, సూది కాగితంలోంచి పొడుచుకొచ్చింది. చెడ్డవాడు కదా, చెడ్డగానే కట్టాలి! అంత నిష్ఠగా చెడ్డగా ఉండేవాళ్లని నేనింతవరకు చూడలేదు.

చివర్లో ఆమె అతన్ని క్షమించి పిన్నులన్నీ పిల్లలకి పంచేస్తుందని రాశావు. ఎవరి పిల్లలు? కథలో అంతకుముందు ఎక్కడా లేరు. కలెక్టర్లు అలా పంచరు. పైగా నకిలీ అని తెలిసింది ఇంకొకరికి ఇవ్వడం ఆ లోకంలో అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆమెకి ఆ పని చేసే వీలుంది, ముందువైపు ఫొటో చాలని అడిగే కొత్తపిల్ల కూడా ఎవరో ఒకరు దొరుకుతారు. అక్కడి నుంచి ఏం జరుగుతుందో నువ్వే చూసుకో.

కలం పేరు సంగతి, ఏ పత్రికకి పంపాలన్న సంగతి తర్వాత. ముందు మూడో పేజీ సరిచేసి, మొదటి పేరా, చివరి పేజీ తీసేసి మళ్లీ రాయి. తిరగరాసేటప్పుడు పొడుగైతే భయపడకు. ఫొటో అడిగే ఆ సీన్ మాత్రం ముట్టుకోవద్దు, ఎవరు చెప్పినా సరే.

ఉంటాను.