కృత్రిమ కాళ్లు, క్యాలిపర్లు (బలహీనమైన కాలికి ఆసరాగా కట్టే కడ్డీలు) చేసేవాళ్లకు వర్క్‌షాపులు, కాన్ఫరెన్సులు పెడుతుంటారు కదా, వాటివల్ల తొడుక్కునేవాళ్లకు ఏమైనా ఒరుగుతుందా?

ఒరుగుతుంది. కానీ హోటల్లో ఏసీ హాలు తీసుకుని, స్లైడ్లు వేసి, మధ్యాహ్నం బిర్యానీ పెట్టి, సాయంత్రం సర్టిఫికెట్ చేతికిచ్చి గ్రూప్ ఫోటో దిగి పంపించే దానివల్ల కాదు. కాలు తొడుక్కున్న మనిషిని మధ్యలో నిలబెట్టి, చుట్టూ కాళ్లు చేసేవాళ్లను, ఫిజియోథెరపీ వాళ్లను, ఆపరేషన్ చేసే డాక్టర్‌ను కూర్చోబెట్టి, ఇప్పుడు మాట్లాడుకోండి అంటే దానివల్ల ఒరుగుతుంది. ఎవరో చెబితే విని రాయడం లేదు. ఆ మధ్యలో నిలబడిన మనిషిని నేనే.

మాది కడప జిల్లా, ఎర్రగుంట్ల వైపు. బండల వ్యాపారం. లారీకి లోడెత్తేటప్పుడు కట్టు జారి బండలు కాలి మీద పడితే ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆ కథ ఇక్కడ అవసరం లేదు, చదివేవాళ్లు అయ్యో పాపం అని ఆ ముక్క దగ్గరే ఆగిపోతారు. అసలు కష్టం కాలు పోయినప్పుడు కాదు, కొత్త కాలు వచ్చినాక మొదలైంది.

మొదటి కాలు చేసిన చోటు పేరు వద్దులెండి. అక్కడి పిల్లోడు మంచివాడే. "అన్నా, ఎక్కడ నొప్పి?" అని అడుగుతాడు, నేను స్టంప్ (తీసేసినాక మిగిలిన కాలు) అడుగున అని చూపిస్తాను, అతను సాకెట్‌కు, అంటే స్టంప్ దూరే గిన్నెకు, ఆ చోట వేడి గాలి తగిలించి కొంచెం వెడల్పు చేసి ఇస్తాడు. రెండు రోజులు హాయి. మళ్లీ అదే నొప్పి, మళ్లీ వేడి, మళ్లీ వెడల్పు. చివరికి ఆ సాకెట్ నా కాలికి ఎంత వదులైందంటే అడుగు వేస్తే గాలి కొట్టే చప్పుడు వచ్చేది, గోడౌన్‌లో పిల్లోళ్లు నవ్వేవాళ్లు. ఒక దశలో కాలు తీసి మంచం కింద తోసేసి చంకల కింద కర్రలతోనే తిరిగినాను. మా వైపు ఇళ్లల్లో మంచాల కింద, అటకల మీద ఇలాంటి కాళ్లు ఎన్ని ఉన్నాయో మీరు ఊహించలేరు. ఇచ్చినవాళ్ల రిజిస్టర్‌లో మాత్రం అన్నీ విజయవంతంగా అమర్చినవే.

తర్వాత కడపలో ఒక ట్రస్టువాళ్లు టెక్నీషియన్లకు శిక్షణ పెట్టారు. నాకు తెలిసిన టెక్నీషియన్ ఫోన్ చేసి "అన్నా, మోడల్ పేషెంట్‌గా వస్తావా, చార్జీలు ఇస్తారు, భోజనం పెడతారు" అన్నాడు. సరేలే, సరుకు డబ్బులు వసూలుకు ఎట్లాగూ కడప పోవాలి, పోదాం అనుకున్నా.

శిక్షణ ఇచ్చేందుకు బెంగళూరు నుంచి ఒకామె వచ్చింది. తెలుగు మాట్లాడుతుంది, మధ్యలో కన్నడం దొర్లుతుంది. నన్ను రెండు కడ్డీల మధ్య నిలబెట్టారు, చుట్టూ టెక్నీషియన్లు, ఇద్దరు ఫిజియోలు. ప్రారంభోత్సవానికి దీపం వెలిగించడానికి వచ్చిన ఆర్థోపెడిక్ సర్జన్ ఒకాయన టీ తాగి పోబోతుంటే "సార్, పది నిమిషాలు ఉండండి" అని ఆపేసింది. నాకు ఆపరేషన్ చేసింది ఆయన కాదు. ముందు ఆమె చేసిన పని చెప్తా వినండి. ఎవరినీ నా కాలు ముట్టుకోనివ్వలేదు. "అన్నా, నువ్వు పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఏం చేస్తావో చెప్పు. మిగతావాళ్లు నోరు మూసుకోండి" అంది. నాకు ముందు సిగ్గేసింది. తర్వాత మొదలుపెడితే ఆగలేదు. పొద్దున బాగానే ఉంటుంది, పదకొండు దాటినాక అడుగున పోటు మొదలవుతుంది, ఎండలో బండల మధ్య నిలబడితే లోపల చెమట కారిపోతుంది, లారీ ఎక్కాలి, దిగాలి, అన్నానికి కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, ఇంట్లోకి పోతే బూటు విప్పాలి. అన్నీ చెప్పేసినా. అంతకుముందు ఇదంతా నన్ను ఎవరూ అడగలేదు మరి.

ఇప్పుడు ఏం చేస్తారు అని టెక్నీషియన్లను అడిగితే అందరిదీ ఒకటే మాట, అడుగున ఒత్తిడి ఉంది, సాకెట్ వెడల్పు చేయాలి అని. ఆమె ఏమీ అనకుండా సంచిలోంచి పిల్లలు ఆడుకునే రంగు మట్టి తీసి, గోలీ అంత ఉండ చేసి సాకెట్ అడుగున వేసి, తొడుక్కుని నిలబడమంది. నిలబడి తీస్తే ఆ ఉండ అప్పడమైపోయింది. "కాలు సన్నబడింది, సాకెట్లో కిందికి దిగిపోతోంది, అందుకే కొస సాకెట్ అడుగుకు కొట్టుకుంటోంది. ఇంకా వెడల్పు చేస్తే ఇంకా దిగుతుంది" అంది. తర్వాత స్టంప్‌కు ఒక మందం సాక్ అదనంగా తొడిగించింది, మళ్లీ మట్టి, మళ్లీ నిలబడటం, ఇంకో పల్చటి సాక్. ఈసారి మట్టి ఉండ కొంచెమే నొక్కుకుంది. నేను కడ్డీలు వదిలేసి నడిచినా. ఇన్నాళ్ల పోటు ఆ కాసేపట్లో పోయింది, మందు లేదు, మిషన్ లేదు, నూలు సాక్సులు రెండు!

దీని వెనుక సంగతి ఏమిటంటే, కాలు తీసేసిన మొదటి ఏడాది, ఏడాదిన్నర దాకా స్టంప్ సన్నబడుతూనే ఉంటుంది, అది చాలదన్నట్టు ఒక్క రోజులోనే పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా వస్తుంది. అందుకే సాక్సులు ఒకటి, మూడు, అయిదు ప్లై అని రకరకాల మందాల్లో ఉంటాయి, సంచిలో పెట్టుకుని తిరగాలి, వదులైనప్పుడు ఒకటి కలుపుకోవాలి. అన్నీ కలిపి పది పదిహేను ప్లై దాకా వచ్చిందంటే ఇక కొత్త సాకెట్‌కు కొలతలివ్వాల్సిందే. ఈ నాలుగు ముక్కలు కాలు ఇచ్చిన రోజే చెప్పి ఉంటే ఏం పోయేది? నా లెక్కలో మూలపడిన కాళ్లలో చాలావరకు సాక్సులతో బాగుపడేవే. కాదనేవాళ్లు ఎర్రగుంట్ల రండి, చూపిస్తా.

అక్కడితో అయిపోలేదు. ఫిజియో అమ్మాయి ఒకటి నా నడక చూసి మోకాలు పూర్తిగా చాపడం లేదని పట్టేసింది. "అన్నా, పడుకునేటప్పుడు మోకాలి కింద దిండు పెట్టుకుంటావా?" అంది. పెట్టుకుంటా, మా అమ్మే పెట్టేది, నొప్పి తగ్గుతుందని. ఆ దిండువల్లే మోకాలు వంగి బిగుసుకుపోయిందట. కాలు తీసేసినవాళ్లకు అస్సలు పెట్టకూడదట, బోర్లా పడుకోవాలట. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నర్సులు కూడా చూస్తూ పోయారు కదా!

ఇక సర్జన్ సంగతి. ఆమె ఆయన్ను పిలిచి నా స్టంప్ కొస వేలితో నొక్కి చూడమంది. ముందు వైపు ఎముక కొస పదునుగా తగిలింది. అప్పుడు మా టెక్నీషియన్, ఎప్పుడూ డాక్టర్ల ముందు నోరెత్తనివాడు, గొంతు సవరించుకుని అన్నాడు: "సార్, ఏమనుకోవద్దు. ఈ ఎముక కొసను ముందు వైపు ఏటవాలుగా అరగదీసి, పక్కనున్న సన్నెముకను దీనికంటే ఒక సెంటీమీటరు పొట్టిగా తీస్తే మాకు సాకెట్లో సగం తలనొప్పి పోతుంది సార్." గదిలో చప్పుడు లేదు. ఆ సర్జన్ కోప్పడతాడేమో అనుకున్నా. ఆయన మాత్రం "పుస్తకంలో ఉండేదేలే అది. రాత్రి పన్నెండుకు ఎమర్జెన్సీలో నలిగిపోయిన కాలు వస్తే ప్రాణం చూస్తామా, ఏటవాలు చూస్తామా? పైగా కుట్లు విప్పినాక వీళ్లను నేను మళ్లీ చూసేదే లేదు, ఎవరూ వచ్చి చెప్పింది లేదు" అన్నాడు. అని, మా వాడి నంబర్ తీసుకున్నాడు. ఆ రోజు జరిగిన వాటిలో పెద్ద విషయం అదేనని నా నమ్మకం, నా సాక్సులు కూడా కాదు. ఇప్పుడు ఆయన, మా వాడు, ఆ ఫిజియో అమ్మాయి కలిసి ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నారు, కేసు చిక్కుగా ఉంటే పేరు, ముఖం లేకుండా ఫోటో పెట్టి అడుగుతారు, బెంగళూరు నుంచి ఆమె వాయిస్ మెసేజ్ పెడుతుంది. వారం పాటు జరిగే ఖరీదైన కాన్ఫరెన్సు కంటే ఈ గ్రూపే ఎక్కువ పని చేస్తోంది.

ఇంకో మాట మర్చిపోయా, బూటు. ఆమె "ఇంట్లో చెప్పులేసుకుంటారా?" అంటే అందరూ నవ్వారు, కడపలో ఇంట్లో చెప్పులేసుకుంటే అమ్మ ఊరుకుంటుందా. నా కృత్రిమ పాదాన్ని బూటు మడమ ఎత్తుకు సరిపోయేలా బిగించారు. బూటు విప్పితే మడమ కిందికి దిగుతుంది, పైనున్న సాకెట్ వెనక్కి వాలుతుంది, మోకాలు వెనక్కి తోసేస్తుంది. ఇంట్లో, గుళ్లో, చావింట్లో, పెళ్లింట్లో నేను తూలుతూ నడిచింది అందుకు. జైపూర్ పాదం పుట్టిందే దీనికోసం కదా. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, రామచంద్ర శర్మ అనే శిల్పి కలిసి చేశారు దాన్ని, బూటు లేకుండా పొలంలో నడవడానికి, గొంతుక్కూర్చోడానికి వీలుగా రబ్బరుతో. ఆ డాక్టర్‌కు 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. శర్మ పెద్దగా చదువుకున్నవాడు కాదు. డాక్టర్ ఒక్కడే కూర్చుని ఉంటే ఆ పాదం వచ్చేది కాదు, శిల్పి ఒక్కడే అయినా వచ్చేది కాదు. కలిసి పనిచేయడం గురించి గంటల కొద్దీ ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ ఇద్దరి సంగతి చెప్పి కూర్చుంటే సరిపోతుంది.

మీరు ఇంకో మాట అడగొచ్చు, ఇంత చిన్న విషయాలు చదువుకున్నవాళ్లకు తెలియవా అని. తెలుస్తాయి. ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ (కృత్రిమ కాళ్లు, క్యాలిపర్లు చేసే చదువు) డిగ్రీ నాలుగున్నరేళ్లు, పాసైనవాళ్లు 1992 చట్టం కింద వచ్చిన రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి, ఆ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు శిక్షణలకు పోయి పాయింట్లు తెచ్చుకోవాలి. నిబంధన మంచిదే. కానీ పాయింట్ల కోసం వచ్చేవాడు వెనక వరసలో కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. అసలు చదువుకున్నవాళ్లు మన వైపు ఎంతమంది ఉన్నారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వెయ్యి మందిలో అయిదుగురికి కృత్రిమ అవయవమో, క్యాలిపరో, బెల్టో ఏదో ఒకటి కావాలి. పాత కడప జిల్లా జనాభా 2011లో 28.8 లక్షలు. అంటే పద్నాలుగు వేల మంది పైమాటే. వాళ్లలో కొంచెం స్తోమత ఉన్నవాళ్లు తిరుపతికో, వేలూరుకో, అనంతపురం వైపువాళ్లయితే బెంగళూరుకో రైలెక్కుతారు. లేనివాళ్లు క్యాంపుల కోసం చూస్తారు.

క్యాంపులంటే నాకు మంట. ఉచితంగా ఇస్తున్నారు, కాదనను, దాతలకు దండం. కానీ పొద్దున కొలత, సాయంత్రం కాలు, శాలువా, ఫోటో, మరుసటి రోజు ఆ టెంటు ఇంకో ఊళ్లో. ఆరు నెలలకు స్టంప్ సన్నబడితే ఎవరిని అడగాలి? ఫ్లెక్సీలో ఉన్న ఎమ్మెల్యేనా? క్యాంపు పెట్టేవాళ్లు ఊళ్లో ఒక టెక్నీషియన్‌ను కూర్చోబెట్టుకుని పని నేర్పి పోతే, ఆ కాళ్లన్నీ మంచం కింద చేరవు.

కాళ్లకే కాదు, పిల్లల బ్రేసులకూ ఇదే. మా మేనకోడలి కొడుకు వంకర పాదాలతో పుట్టాడు. డాక్టర్ వారం వారం పిండికట్లు మార్చి పాదం చక్కగా తిప్పాడు, తర్వాత కడ్డీ ఉన్న బూట్లు ఇచ్చి పంపారు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, తర్వాత నాలుగేళ్ల వయసు దాకా నిద్రలో వేయాలి. మేనకోడలి అత్తగారు "పాదం బాగైంది కదా, బిడ్డను ఎందుకమ్మా కట్టేస్తావు" అని విప్పించింది. పాదం మళ్లీ తిరిగింది. బ్రేసు చేసినవాడు డాక్టర్ చెప్పాడనుకున్నాడు, డాక్టర్ బ్రేసువాడు చెబుతాడనుకున్నాడు, అత్తగారిని కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. మళ్లీ మొదటి నుంచి పిండికట్లు. వాడి ఏడుపు వింటే మీరే శిక్షణ తరగతులు పెట్టిస్తారు.

మీరు ఈ ప్రశ్న అడిగింది ఏదైనా వర్క్‌షాప్ పెట్టే ఆలోచనతో అయితే, హాలు డబ్బులు మిగుల్చుకుని కాళ్లు చేసే షెడ్డులోనే పెట్టండి. నాలుగు మెట్లు, ఒక వాలు, కొంచెం గులకరాళ్ల నేల ఉంటే చాలు. కొత్తగా కాలు పెట్టుకున్నవాళ్లనే కాదు, విసుగొచ్చి తీసి మూలన పడేసినవాళ్లను వెతికి పిలవండి, వాళ్లకు చార్జీలు, ఆ రోజు కూలి ఇవ్వండి, ఊరికే వచ్చి నిలబడమంటే ఎవరొస్తారు. సర్జన్‌ను దీపం వెలిగించినాక పోనివ్వొద్దు. నేనూ వస్తా, ఆదివారం తప్ప ఏ రోజైనా సరే. ఆదివారం మాకు లోడింగ్ ఉంటుంది.