వీడియో కాల్‌లో అమ్మ ఎప్పుడూ కుర్చీ వెనకేనా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాకు 61 ఏళ్లు. మా వారు బ్యాంకులో రిటైరయ్యారు. ఒక్కతే కూతురు, పెళ్లయి డాలస్‌లో ఉంటోంది. నాది బటన్ల ఫోన్, అందుకే మాటలన్నీ హాల్లో ఉన్న కంప్యూటర్ మీదే. స్కైప్ ఆగిపోయాక మా వారు తన వాట్సాప్‌ని దానికి కలిపారు. కాల్ రాగానే ఆయన కుర్చీలో కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకుంటారు, నేను వెనక నిలబడతాను. అమ్మాయి గొంతు నాకు వినపడదు. కిందటి నెల చాట్‌లో ‘అమ్మా, ఒక్కదానివే ఉన్నావా?’ అని వచ్చింది. ఆయన చూసి ‘నేనే, చెప్పమ్మా’ అని కొట్టారు. ‘ఏం లేదు నాన్నా’ అంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా వారు చెడ్డ మనిషి కాదండీ. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ చాట్ కంటే ముందు మాట, అమ్మాయి గొంతు వినపడదన్నది. అంటే ఇన్నాళ్లుగా మీరు చూస్తున్నది కదిలే పెదవులు. మీరు ‘తిన్నావా’ అంటే ఆయన ‘మీ అమ్మ తిన్నావా అంటోంది’ అని చెప్పడం, అటు నుంచి వచ్చింది విని ‘తిన్నదట’ అని మీకు చెప్పడం. ఇలాగైతే ఏ కూతురైనా కూర గురించి, వాన గురించి తప్ప ఇంకేం చెబుతుంది?

మీ వారి తప్పు ఎంతో చూద్దాం. హెడ్‌సెట్ ఎందుకు కొన్నారో ఊహించగలను. స్పీకర్లలోంచి వచ్చిన అమ్మాయి మాట మళ్లీ మైకులో పడి, తన మాటే తనకి తిరిగి వినపడుతుంటే ‘నాన్నా, ఎకో వస్తోంది’ అని ఉంటుంది. ఆయన మంచికే కొన్నారు. ఇక చాట్ సంగతి. వాట్సాప్ నంబరుతో నడుస్తుంది, ఆ నంబరు ఆయనది. కంప్యూటర్‌లో కనిపించేది ఆయన ఫోన్‌లో ఉన్నదే, మీ కోసం వేరే గది లేదు. కాబట్టి మీకొచ్చిన మెసేజ్‌ని ఆయన దొంగతనంగా చదివారని నేననను. కానీ ‘అమ్మా’ అని పిలిచిన చోట ‘నేనే’ అని జవాబివ్వడం మాత్రం నాకు నచ్చలేదు, లేచి వంటింటి వైపు ఒక కేక వేస్తే పోయేది.

రిటైరయినవాళ్లకి ఈ కాల్ ఒక ఆఫీసులాంటిది, విజయవాడలో నా దగ్గరికొచ్చే జంటల్లో ఇది తరచుగా చూస్తుంటాను. వైరు సరిచేయడం, కెమెరా తుడవడం, నెట్ వచ్చిందా లేదా చూడడం, అన్నీ ఆయన డ్యూటీ. 2025 మే 5న స్కైప్ మూతపడ్డప్పుడు ఆయనెంత హైరానా పడ్డారో మీకే తెలియాలి. ఆ కుర్చీ లాక్కుంటే గొడవవుతుంది, అదే కంప్యూటర్ ఆయన చేతే నేర్పించుకుంటే కాదు. ‘మీరు ఊరెళ్తే నేను అమ్మాయితో మాట్లాడలేకపోతున్నాను, నాకూ ఒక అకౌంట్ పెట్టి చూపించండి’ అని అడగండి. అబద్ధమేమీ కాదు కదా.

మీ పేరు మీద ఒక జీమెయిల్ పెట్టించుకోండి. నంబరు అడిగితే మీ బటన్ల ఫోన్‌దే ఇవ్వండి, కోడ్ మెసేజ్‌లా రావచ్చు. పాస్‌వర్డ్ మాత్రం మీ వేళ్లతో మీరే కొట్టండి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పది నిమిషాలు పట్టినా సరే. నెట్ తెరిచే క్రోమ్‌లో మీకంటూ వేరే ప్రొఫైల్, అంటే మీ అకౌంట్ మాత్రమే ఉండే వేరే కిటికీ, ఉండాలి. అందులోంచి వీడియో కాల్స్ చేసే గూగుల్ మీట్ తెరిస్తే చాలు, కొత్తగా ఏదీ ఎక్కించక్కర్లేదు. కెమెరా, మైకు వాడుకోవచ్చా అని మొదటిసారి అడుగుతుంది, ‘ఎలౌ’ నొక్కండి. ఇద్దరే మాట్లాడుకుంటే ఉచితంగానే 24 గంటల దాకా తెగదు, ముగ్గురు చేరితేనే గంట పరిమితి. అమ్మాయి లింకు పంపితే దాని మీద నొక్కడమే మీ పని. ఒకటి గుర్తుంచుకోండి, పోలీసునంటూ తెలియనివాళ్లెవరైనా వీడియోలో బెదిరిస్తే కట్ చేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

ముగ్గురూ మాట్లాడే రోజు హెడ్‌సెట్ పీకేసి, స్పీకర్ల సౌండ్ తగ్గించి, వాటిని మైకుకి దూరంగా జరపండి. ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేసుకోండి. నిలబడితే కెమెరాకి మీ చీర కుచ్చిళ్లే కనిపిస్తాయి.

ఇక అసలు భయం. అమ్మాయికి ఏమైందో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఆఫీసు గొడవ కావచ్చు, పిల్లల గురించి కావచ్చు, అల్లుడితో కావచ్చు. రాత్రిళ్లు మీరు కథలల్లుకోవడం మానండి. ఒంటరిగా మాట్లాడేటప్పుడు ముందు ‘పక్కన ఎవరైనా ఉన్నారా’ అని అడగండి, మీ ముందు కుర్చీలో ఆయన ఉన్నట్టే తన పక్కనా ఎవరో ఉండొచ్చు. చెప్పడం మొదలుపెడితే మధ్యలో ‘సర్దుకుపో’ అనకండి. ఒకవేళ అల్లుడు కొడుతున్నాడని తెలిస్తే అక్కడ అత్యవసరానికి 911 ఉంది, గృహహింసకి 1-800-799-7233 ఉంది, ఆ నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి. అల్లుడికి ఫోన్ చేసి నిలదీయాలన్న ఆవేశం వస్తుంది, అమ్మాయి సరే అనేదాకా వద్దు.

టైము సంగతి. వాళ్ల వేసవి టైములో మనకి తెల్లారి 6 అయితే డాలస్‌లో ముందు రోజు సాయంత్రం 7:30. మీ వారు ఎన్టీఆర్ స్టేడియంలో వాకింగ్‌కెళ్లే వేళ అదే అయితే, హాలు మీదే. కానీ ఆయనకి చెప్పకుండా ఆ గంటని వాడుకుందామనుకుంటే ఎక్కువ రోజులు సాగదు. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అక్కడ 7:30 అయ్యేసరికి ఇక్కడ 7 కొడుతుంది, ఆయన చెమట తుడుచుకుంటూ గుమ్మంలో ఉంటారు. అందుకే ముందే చెప్పేయండి: ‘రేపు నేనూ అమ్మాయీ మాట్లాడుకుంటాం, మీరు కాసేపు బయట కూర్చోండి, కాఫీ తెస్తాను.’