ఆరొందలు కనిపిస్తాయి, పన్నెండు వేలు కనిపించవు

ప్రశ్న: సార్ నమస్తే. మాది రాజమండ్రి, నాకు 41 ఏళ్లు, ప్రైవేట్ జాబ్. 2018 నుంచి మా బ్యాంకు ద్వారా ఒక ఈక్విటీ మ్యూచువల్ ఫండ్‌లో నెలకి 7,500 సిప్ కడుతున్నా, ఇప్పుడు 12 లక్షలు అయింది, అందులో లాభం 4.8 లక్షలు. ఎన్‌పీఎస్ (పెన్షన్ పథకం) కూడా ఆ బ్యాంకులోనే, ఏడాదికి 50 వేలు, మొత్తం 6 లక్షల దాకా చేరింది. ఇవి కాక మా నాన్నగారు ఇచ్చిన షేర్లు పాత బ్రోకర్ దగ్గర డీమ్యాట్‌లో ఉన్నాయి, ఓ మూడు లక్షలవి. ఆ బ్రోకర్ ఏడాదికి 600 ప్లస్ జీఎస్టీ కట్ చేస్తాడు, ఆ మెసేజ్ చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడేమో అన్నీ అమ్మేసి ఒక యాప్‌లోకి వచ్చేయ్ అక్కా, అక్కడంతా ఫ్రీ అంటున్నాడు. మారితే ఎంత పోతుంది, ఎంత మిగుల్తుంది?

జవాబు: అమ్మా, మీకు కోపం తెప్పిస్తున్న ఆ 600 మీ మూడు ఖాతాల్లో పెద్ద ఖర్చేం కాదు. అది మెసేజ్ వచ్చి మరీ కట్ అవుతుంది కాబట్టి కనిపిస్తుంది. అసలు ఖర్చు మీ ఫండ్‌లో ఉంది, అది ఏ రోజుకారోజు ఎన్ఏవీలోంచే, అంటే మీ యూనిట్ ధరలోంచే తీసేసుకుంటారు, మెసేజ్ రాదు, పాస్‌బుక్‌లో ఎక్కదు, అందుకే ఎవరికీ కోపం రాదు.

మీ ఫండ్ స్టేట్‌మెంట్ తీసి స్కీమ్ పేరు చివర ఏముందో చూడండి. బ్యాంకు ద్వారా కొన్నారు కాబట్టి "రెగ్యులర్ ప్లాన్ - గ్రోత్" అనే ఉంటుంది. 2013 జనవరి 1 నుంచి ప్రతి స్కీమ్‌కీ డైరెక్ట్ ప్లాన్ ఉంది, అదే ఫండ్, అదే మేనేజర్, అవే షేర్లు, కానీ మధ్యలో కమీషన్ ఉండదు. రెండింటి ఎక్స్‌పెన్స్ రేషియో (ఏడాదికి ఫండ్ తీసుకునే ఖర్చు శాతం) ఫండ్ హౌస్ వెబ్‌సైట్‌లోనే పక్కపక్కన పెట్టి చూడొచ్చు. తేడా ఒక శాతం అనుకుందాం (మీది అంతకంటే తక్కువ కూడా ఉండొచ్చు, చూసుకోండి), 12 లక్షల మీద ఏడాదికి 12 వేలు. మీకు 58 వచ్చేసరికి ఇంకా 17 ఏళ్లు, ఈ 12 లక్షలే 12 శాతంతో పెరిగితే 82 లక్షలు, 11 శాతంతో పెరిగితే 70 లక్షల పైన, అంటే ఒక్క శాతానికి 11 లక్షల పైచిలుకు పోతోంది.

నేనూ ఇలాగే చేశానమ్మా. 2019లో ఒక బ్రోకర్ ఏడాదికోసారి తీసుకునే 450 మీద కోపంతో రెండు శనివారాలు కూర్చుని డెలివరీ స్లిప్పులు నింపి అకౌంట్ మార్చుకున్నా, అదే సొరుగులో రెగ్యులర్ అని రాసున్న ఫండ్ స్టేట్‌మెంట్ ఉంది, 2022 దాకా దాన్ని ముట్టుకోలేదు. ఆ మూడేళ్ల కమీషన్ లెక్క వేసుకున్న రోజు చాలా బాధ పడ్డాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఇక మారడానికి అయ్యే ఖర్చు. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కి స్విచ్ అంటే అదే స్కీమే అయినా ట్యాక్స్ వాళ్ల లెక్కలో అమ్మి కొన్నట్టే. ఈక్విటీ ఫండ్‌లో ఏడాది దాటిన యూనిట్ల లాభం మీద, ఒక ఆర్థిక సంవత్సరంలో మొదటి 1.25 లక్షలు పోగా మిగిలిన దానికి 12.5 శాతం, ప్లస్ సెస్. మీ లాభమంతా ఏడాది దాటిన యూనిట్లదే అనుకుని ఈ రోజే మొత్తం మార్చేస్తే 3.55 లక్షల మీద 44,375, సెస్‌తో కలిపి 46,150. ఏడాదికి 12 వేలు మిగులుతుంది కాబట్టి నాలుగేళ్లలో తిరిగొచ్చేస్తుంది. పైగా ఈ ట్యాక్స్ ఎప్పుడు అమ్మినా కట్టాల్సిందే, ముందే కడుతున్నారంతే, కాబట్టి దాన్ని పూర్తిగా నష్టం కింద వేసుకోకండి.

కానీ మొత్తం ఒకేసారి ఎందుకు? నాలుగు భాగాలు చేయండి, ఒక భాగం మార్చి నెలాఖరు లోపు, ఇంకో భాగం ఏప్రిల్‌లో, నెల తేడాలో రెండు ఆర్థిక సంవత్సరాలు వచ్చేస్తాయి, మిగతా రెండు భాగాలు ఆ తర్వాత ఏప్రిల్, ఆ పై ఏప్రిల్. ఒక్కో భాగంలో లాభం 1.25 లక్షల లోపు ఉండేట్టు చూసుకుంటే ట్యాక్స్ దాదాపు ఏమీ పడదు, ఆగినందుకు కమీషన్ రూపంలో పోయేది ఓ 9 వేలు, 46 వేలతో పోలిస్తే నయమే కదా. మధ్యలో మార్కెట్ పెరిగితే చివరి భాగాల్లో కొంచెం ట్యాక్స్ పడొచ్చు. ఇంకోటి, ముందు కొన్న యూనిట్లే ముందు అమ్మినట్టు లెక్క, 2018 యూనిట్లలో లాభం ఎక్కువ కాబట్టి 12 లక్షల్ని సమానంగా నాలుగు ముక్కలు చేస్తే కుదరదు, లాభాన్ని బట్టి ముక్కలు చేయాలి. ఫండ్ల రికార్డులు చూసే క్యామ్స్ గానీ కేఫిన్‌టెక్ గానీ ఇచ్చే క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంట్‌లో ఇదంతా ఉంటుంది. గత పన్నెండు నెలల్లో కట్టిన వాయిదాల జోలికి మాత్రం ఇప్పుడు పోకండి, వాటికి 20 శాతం ట్యాక్స్, చాలా ఈక్విటీ ఫండ్లలో ఏడాది లోపు ఒక శాతం ఎగ్జిట్ లోడ్ (త్వరగా తీసేస్తే పడే చార్జీ) కూడా.

వీటన్నిటికంటే ముందు, రేపే చేయాల్సింది ఒకటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. పాత సిప్ ఆపేసి అదే ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో కొత్త సిప్ మొదలుపెట్టండి.

యాప్‌లోనే చేయాలా అంటే అక్కర్లేదు, ఫండ్ హౌస్ వెబ్‌సైట్‌లోనే చేసుకోవచ్చు. యాపే తేలికనిపిస్తే యూనిట్లు స్టేట్‌మెంట్ రూపంలో ఇస్తుందా డీమ్యాట్‌లో వేస్తుందా అడగండి, నేనైతే స్టేట్‌మెంటే తీసుకుంటా. అవి ఫండ్ హౌస్ దగ్గర మీ ఫోలియోలో ఉంటాయి, రేపు ఆ యాప్ నచ్చకపోతే అమ్మే పని లేకుండా అన్ని ఫండ్లూ ఒకచోట కనిపించే ఎంఎఫ్ సెంట్రల్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి చూసుకోవచ్చు. ఒక మాట మాత్రం చెప్పాలి, 2020 మార్చిలో మార్కెట్ పడినప్పుడు సిప్ ఆపకండి మేడమ్ అని ఫోన్ చేసి చెప్పిన మనిషి మీ బ్యాంకులో ఉంటే ఆ సలహాకి విలువుంది, ఆ కమీషన్ కొంతవరకు సార్థకమే. అలాంటి ఫోన్ ఏనాడూ రాకపోతే మీరు దేనికి కడుతున్నట్టు?

షేర్లు. తమ్ముడు అన్నీ అమ్మేసి రమ్మన్నాడు చూశారా, ఆ మాట మాత్రం వినకండి. డీమ్యాట్ మారడానికి షేర్లు అమ్మక్కర్లేదు, మీ పేరు మీదే ఉన్న కొత్త అకౌంట్‌లోకి అన్నీ పంపి పాతది క్లోజ్ చేస్తే ట్యాక్స్ లేదు, రెండు అకౌంట్లూ అచ్చం ఒకే పేరు మీద ఉంటే ట్రాన్స్‌ఫర్ చార్జీ కూడా తీసుకోకూడదు, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రూల్ అది. అసలు మీకు మారే అవసరమే లేదేమో, 2024 సెప్టెంబర్ నుంచి హోల్డింగ్ 4 లక్షల లోపుంటే బేసిక్ సర్వీస్ డీమ్యాట్‌కి (బీఎస్‌డీఏ) ఏడాది చార్జీ సున్నా, 10 లక్షల దాకా అయితే 100 రూపాయలు. మీకు ఈ ఒక్క డీమ్యాటే అయితే నన్ను బీఎస్‌డీఏలోకి మార్చండి అని బ్రోకర్‌కి ఒక మెయిల్ పెట్టండి చాలు. మారినా మారకపోయినా నాన్నగారు ఆ షేర్లు ఎప్పుడు ఎంతకి కొన్నారో ఆ కాగితాలు దాచండి, గిఫ్ట్‌గా వచ్చిన షేర్లకి ఆయన కొన్న ధరే లెక్క, కొత్త బ్రోకర్ స్క్రీన్ మీద ఆ ధర కనిపించదు.

ఎన్‌పీఎస్‌ని అలా ఉండనివ్వండి. ఫండ్ మేనేజర్ ఫీజు చాలా తక్కువ, 6 లక్షల మీద ఏడాదికి కొన్ని వందల రూపాయలే, బ్యాంకు మీ కంట్రిబ్యూషన్‌లో అర శాతం తీసుకున్నా ఏడాదికి 250. ఫండ్ పనితీరు నచ్చకపోతే మేనేజర్‌ని ఏడాదికోసారి మార్చుకోవచ్చు, ట్యాక్స్ ఉండదు, కానీ ఫీజు కోసం మాత్రం మారే పని లేదు.

ప్రశ్న: వరంగల్ నుంచి రాస్తున్నా సార్. కంపెనీ మారాను, పాత పీఎఫ్ కొత్త దాంట్లోకి మార్చడానికి ఇంటర్‌నెట్ సెంటర్ అతను 3,000 అడుగుతున్నాడు, లేదంటే విత్‌డ్రా చేసేయ్ అంటున్నాడు. పాత కంపెనీలో మూడేళ్లు చేశా.

జవాబు: పీఎఫ్ ట్రాన్స్‌ఫర్‌కి ఈపీఎఫ్‌ఓ ఒక్క రూపాయి కూడా తీసుకోదు బాబూ. మీ పీఎఫ్ నంబరు యూఏఎన్‌కి ఆధార్ లింక్ అయ్యుంటే మెంబర్ పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు. ఎక్కువగా ఆగిపోయేది పాత కంపెనీ ఎగ్జిట్ డేట్ వేయక, అదీ చివరి కంట్రిబ్యూషన్ పడి రెండు నెలలు దాటితే మీరే వేసుకోవచ్చు. విత్‌డ్రా మాత్రం వద్దు, సర్వీసు ఐదేళ్లు నిండకుండా తీస్తే ట్యాక్స్ పడుతుంది, ట్రాన్స్‌ఫర్ చేస్తే మీ మూడేళ్లూ కొత్త సర్వీసుతో కలుస్తాయి. ఆ మూడు వేలు మీ దగ్గరే ఉంచుకోండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం అండీ. జాబ్ మారాను, పాత కంపెనీ 401కేలో (కంపెనీ ద్వారా ఉండే రిటైర్‌మెంట్ ఖాతా) 38 వేల డాలర్లున్నాయి. ఐఆర్ఏలోకి (సొంతంగా తెరుచుకునే రిటైర్‌మెంట్ ఖాతా) మార్చాలా, అక్కడే వదిలేయాలా?

జవాబు: పాత ప్లాన్ నుంచి ఏడాదికోసారి ఫీజు డిస్‌క్లోజర్ నోటీసు వస్తుంది, చాలామంది తెరవకుండానే డిలీట్ చేస్తారు, దాన్ని వెతికి పట్టుకోండి. అందులో రెండు చూడాలి, ఫండ్ల ఎక్స్‌పెన్స్ రేషియో, అడ్మిన్ ఫీజు. పెద్ద కంపెనీల ప్లాన్లలో ఇండెక్స్ ఫండ్లు చాలా చవగ్గా ఉంటాయి, మీదీ అలాంటిదైతే అక్కడే ఉంచినా నష్టం లేదు. ఎక్కువ ఉంటే కొత్త కంపెనీ 401కేతో, ఐఆర్ఏతో పక్కపక్కన పోల్చి ఏది తక్కువైతే అందులోకి వెళ్లండి. మారితే డైరెక్ట్ రోల్ఓవర్ అనే అడగండి, డబ్బు ఒక ప్లాన్ నుంచి ఇంకో దాంట్లోకి నేరుగా పోవాలి. చెక్కు మీ పేరు మీద రాయించుకుంటే 20 శాతం, అంటే 7,600 డాలర్లు, పట్టుకుని మిగతాదే ఇస్తారు, 60 రోజుల్లో ఆ 7,600 మీ జేబులోంచి కలిపి మొత్తం 38 వేలు జమ చేయకపోతే తగ్గిన మేరకు ట్యాక్స్, 59న్నర ఏళ్ల లోపైతే మామూలుగా దాని మీద ఇంకో 10 శాతం పెనాల్టీ. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు చెక్కు ఎవరి పేరు మీద వస్తుందో రెండుసార్లు అడిగి ఖాయం చేసుకోండి.